లీటరు ఇంజను - దాని బలము, దాని బెడదలు

ఉత్తరము వ్రాసుకొను తెల్లకాగితము నొకదానిని ఎదుట పరచుకొనుడు. అంగళ్లలో ఎ-4 అని అమ్మునదే చాలును. పొడవు అడుగుకన్న కొంచెము తక్కువ. వెడల్పు ఎనిమిది అంగుళముల పైచిల్లర. అయిదుగురు మనుష్యులను, వారి సామానును లాగు కారు ఇంజను దిమ్మ ఆ కాగితముపై ఇముడునని చెప్పినచో, అంబాసిడరు బానెట్టు ఎత్తి చూచిన మన పెద్దలు నవ్వియుందురు. అట్టి ఇంజనును ఫోర్డు కంపెనీ 2012లో ఐరోపాలో విడుదల చేసినది. దాని పేరు ఎకోబూస్టు. సిలిండర్లు మూడు, మొత్తము పరిమాణము ఒక లీటరుకు ఒకటి రెండు సి.సి. తక్కువ. అది ఎట్లు పనిచేయునో, ఎక్కడ చెడునో, అట్టి ఇంజను గల కారు మన వాకిట నున్నచో ఏమేమి చూచుకొనవలెనో నేడు చెప్పదలచినాము.

ఇది పరదేశపు ముచ్చట మాత్రమే కాదు. 2013లో ఎకోస్పోర్టు అను కారులో ఈ ఇంజను మన దేశమునకును వచ్చినది. ఆ కారు చెన్నై చెంత తయారైనది. 2021 సెప్టెంబరులో ఫోర్డు కంపెనీ భారతదేశమున కార్ల తయారీని మానుకొనుచున్నట్లు ప్రకటించినది. కావున ఈ ఇంజనుతో మన రోడ్లపై తిరుగు ఎకోస్పోర్టులన్నియు పాతబండ్లే, చేతులు మారుచున్నవే. వానిని కొనువారికి, ఇదివరకే కొనియున్నవారికి ఈ సంగతులు తెలియుట అవసరమని మా ఉద్దేశము.

మొదట దీని బలమును చూతము. అంబాసిడరు ఇంజను పరిమాణము 1489 సి.సి.; అది యిచ్చినది యాభైకి కొంచెము పైగా అశ్వశక్తి. ఈ లీటరు ఇంజను మన దేశపు కారులో 125 అశ్వశక్తి నిచ్చెను. బండిని లాగు త్రిప్పుడు బలము, అనగా మేస్త్రీలు టార్కు అనునది, 170 న్యూటన్ మీటర్లు. ఆ బలము నిమిషమునకు 1,400 చుట్ల నుండి 4,500 చుట్ల వరకు ఒకే తీరున దొరకును. పిస్టను వ్యాసము 71.9 మిల్లీమీటర్లు, నడక దాదాపు 82 మిల్లీమీటర్లు. దిమ్మ అల్యూమినియముది కాదు, పోత ఇనుముది. అయినను ఇంజను మొత్తము బరువు నూరు కిలోలకు లోపే.

ఇంత చిన్న దానికి ఇంత బలము ఎక్కడిది? కమ్మరి కొలిమిని తలచుకొనుడు. నిప్పు అదే, బొగ్గు అదే. తిత్తి ఊదినపుడు మంట రెట్టింపగును. ఇంజనులోనికి గాలి ఎంత ఎక్కువ పోయిన, అంత ఎక్కువ పెట్రోలును మండింపవచ్చును. ఆ తిత్తి పేరే టర్బోచార్జరు. సైలెన్సరు గుండా వృథాగా పోవు వేడి వాయువు ఒక చిన్న చక్రమును త్రిప్పును. అదే ఇరుసుకు రెండవ కొసనున్న మరియొక చక్రము బయటి గాలిని పీల్చి, అదిమి, సిలిండర్లలోనికి నెట్టును. అదిమిన గాలి వేడెక్కును గనుక మధ్యలో చిన్న రేడియేటరు వంటి దానిలో చల్లార్చి పంపుదురు. ఈ ఉపాయము నిన్నటిది కాదు. ఆల్ఫ్రెడ్ బ్యూకి అను స్విట్జర్లాండు ఇంజనీరు 1905లోనే దీనికి పేటెంటు పొందినాడు. నాడు అది ఓడలకు, పెద్ద యంత్రములకు తగినదిగా నుండెను. నేడు అరచేతిలో పట్టు చక్రమై కూరగాయల సంతకు పోవు కారులో చేరినది.

ఆ చక్రము నిమిషమునకు 2,48,000 చుట్ల వరకు తిరుగగలదని ఫోర్డు కంపెనీ చెప్పినది. అనగా సెకనుకు నాలుగు వేల చుట్లకు పైన. ఒకవైపు ఎర్రగా కాలు వేడి, మరియొకవైపు బయటి గాలి చల్లదనము. నడుమనున్న ఇరుసు దేనిపైన ఆని తిరుగుచున్నది? ఇనుముపైన కాదు, పలుచని ఆయిలు పొరపైన. ఆ పొర క్షణకాలము తెగినను ఇరుసు నిలువదు. శ్రోతలు ఈ యొక్క మాటను గుర్తుంచుకొనిన, మేము ఇకమీద చెప్పబోవు బెడదలలో చాలవరకు వారికే తెలియగలవు.

మూడు సిలిండర్ల ఇంజనుకు సహజముగా ఒక వణుకు ఉండును. దానిని అణచుటకు కొన్ని ఇంజన్లలో ప్రత్యేకమైన ఇరుసును అమర్చుదురు. దానికి కొంత శక్తి ఖర్చగును. ఇక్కడి ఇంజనీర్లు ఫ్లైవీలును బుద్ధిపూర్వకముగా ఒకవైపు బరువుగా చేసినారు. కావడిలో ఒకవైపు కుండ బరువైనపుడు రెండవవైపు రాయి కట్టుకొను తెలివి వంటిదే ఇదియును. 2012, 2013, 2014 సంవత్సరములలో వరుసగా ఈ ఇంజనుకు అంతర్జాతీయ ఉత్తమ ఇంజను బహుమతి వచ్చినది. ఆ బహుమతికి అది తగదని మేము అనము. అయితే బహుమతి నిచ్చువారు కొత్త ఇంజనును చూతురు. పదేండ్ల పిమ్మట దానిని నడుపుకొనువారు మనము.

ఇక బెడదలలో ప్రధానమైనది బెల్టు. పిస్టన్లకును వాల్వులకును లయ తప్పకుండ కలుపునది టైమింగు బెల్టు. పాత కార్లలో అది ఇంజనుకు బయట పొడిగా నుండెడిది. దానిపై ఆయిలు చుక్క పడినను మేస్త్రీ కంగారుపడెడివాడు. ఈ ఇంజనులో రబ్బరు బెల్టును ఇంజను లోపలనే, ఆయిలులో తడియుచు తిరుగునట్లు అమర్చినారు. ఒరిపిడి తగ్గును, రొద తగ్గును, పెట్రోలు కొంత మిగులును. దాని కొరకు ఆయిలుకు తాళగల రబ్బరును వాడినారు. ఐరోపాలో మొదట దానికి పెట్టిన గడువు 2,40,000 కిలోమీటర్లు, లేక పది సంవత్సరములు.

ఆ రబ్బరు సరియైన ఆయిలుకు తాళును గాని ఏ ఆయిలుకైనను తాళదు. తగని ఆయిలు పోసినను, మార్చవలసిన ఆయిలును నెలల తరబడి ఈడ్చినను, చిన్న చిన్న దూరములే తిరుగుటచేత మండని పెట్రోలు ఆయిలులో కలిసినను, బెల్టు మెత్తబడి, పగిలి, పీచులుగా రాలును. ఆ నల్లని పీచులు ఆయిలు పంపు పీల్చు జల్లెడకు అడ్డుపడును. జల్లెడ పూడినచో ఆయిలు ఒత్తిడి తగ్గును. అప్పుడు బెల్టు తెగకమునుపే టర్బో ఇరుసుకు, క్రాంకు బేరింగులకు ఆయిలు కరవగును. మనకు కనబడునది డాషుబోర్డుపై ఎర్రని ఆయిలు దీపము ఒక్కటే. అది వెలిగిన పిమ్మట "ఇంటివరకు పోనిత్తము" అనుకొన్నవారు ఇంజను నంతటిని కోల్పోవచ్చును. వెంటనే ప్రక్కకు తీసి ఆపవలెను.

ఆయిలు పంపును త్రిప్పుటకు వేరొక చిన్న బెల్టు కలదు. దాని బిగింపు సాధనము విరుగవచ్చునను కారణమున 2023 డిసెంబరులో అమెరికాలో దాదాపు 1,40,000 కార్లను ఫోర్డు కంపెనీ మరమ్మతుకు వెనుకకు పిలిచినది. ఈ తడిబెల్టు బెడద ఒక్క కంపెనీదే అనుకొనుట న్యాయము కాదు. పూజో, సిత్రోయెన్ కార్లలోని 1.2 లీటర్ల ప్యూర్‌టెక్ ఇంజనుకును ఇట్టి బెల్టే యుండెను; ఐరోపాలో ఫిర్యాదులు పెరుగగా 2024లో దాని యజమాన్యము హామీని పది సంవత్సరములకు, లేక 1,75,000 కిలోమీటర్లకు పొడిగించినది.

మన ప్రాంతమున ఒక నమ్మిక కలదు. ఎండలు మెండు గనుక ఆయిలు చిక్కగా నున్ననే ఇంజనుకు రక్షయని పలువురందురు. లారీలకు, పాత జీపులకు ఆ మాట చెల్లెను. ఈ ఇంజనుకు ఐరోపాలో నిర్ణయించినది 5డబ్ల్యు-20 అను మిక్కిలి పలుచని ఆయిలు. సన్నని దారులలో వేగముగా పారి, టర్బో ఇరుసును సకాలమున చేరుటకు ఆ పలుచదనము కావలెను. కారుతో వచ్చిన పుస్తకమున ఏ తరగతి చెప్పబడినదో, ఆ తరగతి పేరు డబ్బాపై అచ్చై యున్నదో లేదో చూచి పోయింపవలెను. డ్రమ్ములోనుండి కొలిచి పోయునది ఎంత చౌకయైనను వలదు.

రెండవ జాగ్రత్త నీటిది. 2012, 2013 నాటి కొన్ని ఫోకసు కార్లలో కూలెంటు పోవు చిన్న గొట్టము చీలి, నీరు కారి, ఇంజను మితిమీరి వేడెక్కినది. చిన్న ఇంజనులో నీరు తక్కువ పట్టును. కొంచెము పోయినను హెడ్డు వంగుటకు ఎక్కువ సమయము పట్టదు. డబ్బాలో కూలెంటు మట్టము తగ్గినచో పైన పోసి ఊరకుండక, ఎక్కడ కారినదో వెదకింపవలెను.

మూడవది నడుపువాని అలవాటు. పెట్రోలు మిగులునని నలభై కిలోమీటర్ల వేగముననే పై గేరు వేసి, లారీని దాటబోవునపుడు గేరు తగ్గింపకయే యాక్సిలరేటరును అడుగంట త్రొక్కువారిని మేము చాలమందిని చూచినాము. పాత ఇంజను మూలుగుచు ఊరకుండెడిది. టర్బో ఇంజను అట్లు కాదు. తక్కువ చుట్లలో ఎక్కువ భారము పడినపుడు సిలిండరు గోడనుండి లేచిన ఆయిలు తుంపర నిప్పురవ్వకు ముందే అంటుకొనవచ్చును. ఆ దెబ్బకు పిస్టను పగులుటయు కలదు. దీనిని తగ్గించుటకే అమెరికా పెట్రోలియము సంస్థ 2018లో ఎస్.ఎన్. ప్లస్, 2020లో ఎస్.పి. అను ఆయిలు తరగతులను ఏర్పరచినది. మనము చేయవలసినది సులువు: ముందు గేరు తగ్గించి, పిమ్మట త్రొక్కవలెను. శ్రీశైలపు ఘాటు ఎక్కి బండి నాపినపుడు, తాళము తిప్పుటకు ముందు ఒక నిమిషము ఇంజనును ఊరక తిరుగనిచ్చిన, కాలుచున్న టర్బో ఇరుసు వద్ద ఆయిలు మాడి గడ్డకట్టదు.

పెట్రోలు నేరుగా సిలిండరులోనికే చిమ్మబడుటచేత లోని గాలిదారి వాల్వులపై మసి పేరుకొనుటయు కలదు. అది నెమ్మదిగా పెరుగునది, శుభ్రము చేయించుకొన తగినది.

పాతబండిని కొనువారికి ఒక సంగతి. "డాక్టరుగారి కారండి, పదేండ్లలో ముప్పదివేలే తిరిగినది" అని మధ్యవర్తి చెప్పగానే మనకు ఆశ పుట్టును. ఈ ఇంజను విషయమున ఆ మాటకే జంకవలెను. బెల్టు గడువు కిలోమీటర్లది మాత్రమే కాదు, ఏండ్లదియును; ఇంటివద్ద నిలిచిన కారులోను పాత ఆయిలు రబ్బరును తినుచునే యుండును. 2013 నాటి బండికి ఆ పదేండ్లు 2023తోనే నిండినవి. బెల్టు మార్చిన రసీదు కలదేమో అడుగుడు. లేనిచో ఆయిలు దింపించి నల్లని రబ్బరు పలుకులున్నవేమో, అడుగు తొట్టి విప్పించి జల్లెడ పూడినదేమో, ఈ పని తెలిసిన మేస్త్రీచేత చూపింపుడు. బెల్టుల మార్పిడి ఖర్చును బేరములో తగ్గించి అడుగుడు. అమ్మువాడు తొట్టి విప్పనీయనన్నచో బయానా ఇయ్యక తిరిగి రండు.