పై నుంచే పెట్టాలి, పై నుంచే తియ్యాలి

ముందు వరసల్లో కూర్చున్న పాత మిత్రులకు, ఇన్నేళ్ళయినా వెనక బెంచీ వదలని మరికొందరు పాత మిత్రులకు కూడా నమస్కారం. నీ వృత్తిలోంచి ఒక్క విషయం తీసుకుని, కంప్యూటరు జోలికి పోనివాళ్ళకు కూడా అర్థమయ్యేలా చెప్పమన్నారు సంఘంవారు. నేను స్టాక్ గురించి చెబుతాను. షేర్ మార్కెట్ స్టాక్ కాదు, కంగారు పడకండి.

మన కాంపోజిషన్ పుస్తకాలు గుర్తున్నాయా? మాస్టారి బల్ల మీద ఒకదాని మీద ఒకటి పెట్టేవాళ్ళం. మాస్టారు పై నుంచి దిద్దడం మొదలుపెట్టేవారు. బెల్లు కొట్టేసరికి సగం కట్ట మిగిలిపోయేది. అంటే చివర ఇచ్చినవాడికి ముందు తిట్లు, ముందు ఇచ్చినవాడికి ఆ పూటకి విముక్తి. ఈ రహస్యం కనిపెట్టి నేను ఆలస్యంగా రాసిన పుస్తకాన్ని కూడా ఎవరూ చూడకుండా కట్ట అడుగున దూర్చేవాణ్ణి. ఇవాళ మాస్టారి ఎదుటే ఒప్పుకుంటున్నాను. ఈ దొంగతనానికీ నా ఉద్యోగానికీ సంబంధం ఉంది, చెబుతాను.

చివర వచ్చింది ముందు వెళ్ళే ఇలాంటి కట్టనే కంప్యూటర్లో స్టాక్ అంటారు. ముందు వచ్చింది ముందే వెళితే అది క్యూ. రెంటికీ తేడా మన రైలు లైను మీదే ఉంది. బెజవాడ నుంచి వచ్చి కైకలూరు వైపు వెళ్ళే బండి గుడివాడలో ఆగి, ముందుకే సాగిపోతుంది. ముందు వచ్చిన పెట్టె ముందే వెళుతుంది. అది క్యూ. అదే బండి గుడ్లవల్లేరు, పెడన దాటి బందరు చేరితే ఆ తర్వాత పట్టాలు లేవు. తిరుగు ప్రయాణంలో, వచ్చేటప్పుడు చిట్టచివరనున్న పెట్టె ముందు బయల్దేరుతుంది. అది స్టాక్. దివిసీమ మిత్రులు క్షమించాలి, మీకు రైలే లేదు కాబట్టి ఉదాహరణా ఇవ్వలేకపోతున్నాను.

ఈ పోలిక నా ఒక్కడికే తట్టిందనుకోకండి. 1961లో డైక్‌స్ట్రా అనే డచ్చి శాస్త్రవేత్త లెక్కలను కంప్యూటరు చేత చదివించే పద్ధతి ఒకటి రాసి, దానికి రైల్వే షంటింగ్ యార్డు పేరే పెట్టాడు. రెండు కూడిక మూడు ఇంటూ నాలుగు అన్నప్పుడు, కూడిక గుర్తును పక్క పట్టా మీదికి తోస్తారు. దాని వెనకే ఇంటూ గుర్తు వస్తుంది. చివర వచ్చిన ఇంటూ ముందు బయటికొస్తుంది కాబట్టి గుణకారం ముందు జరుగుతుంది. లెక్కల మాస్టారు మనకు నూరిపోసిన బాడ్‌మాస్ అంతా ఇలా ఒక మూసిన పట్టా మీద సర్దుకుంటుంది. అంతకు ముందే, 1946లో, ట్యూరింగ్ ఇలాంటి పనికే పాతిపెట్టడం, తవ్వి తీయడం అని అర్థమొచ్చే ఇంగ్లీషు మాటలు వాడాడు. ఇప్పుడు పుష్, పాప్ అంటున్నాం. పై దాన్ని తీయకుండా ఊరికే చూడటాన్ని పీక్ అంటారు. పీక్ అంటే పీకడం కాదు, తొంగిచూడటం. మనవాళ్ళకు ఇది ప్రత్యేకంగా చెప్పాల్సి వస్తుంది.

ఇక జావా లాంటి భాషలో దీన్ని ఎలా కడతారంటే, ముందు క్లాస్ అని ఒకటి రాస్తారు. వస్తువు ఎలా ఉండాలో, ఏ పనులు చేయాలో చెప్పే నమూనా అది. లోపల వరస గళ్ళున్న ఒక అరే, పై గడి ఎన్నోదో చెప్పే ఒక అంకె. ఈ రెంటినీ ప్రైవేట్ అని ప్రకటిస్తారు. ప్రైవేట్ అంటే సాయంత్రం మనం వెళ్ళిన ట్యూషన్ కాదు, బయటివాళ్ళు ముట్టుకోకూడదని. బయటికి కనిపించేవి పుష్, పాప్, పీక్, ఖాళీయా కాదా అని అడిగే ప్రశ్న, అంతే. గళ్ళు నిండితే రెట్టింపు పెద్ద అరే తీసుకుని పాతవన్నీ అందులోకి ఎత్తుతారు. ఖాళీ స్టాక్ నుంచి తియ్యమంటే నోరు మూసుకోకుండా తప్పు అని అరవాలి. తీసేసిన గడిని శుభ్రం చేయడం చాలామంది మర్చిపోతారు. చేయకపోతే ఆ పాత వస్తువు ఇంకా వాడుకలో ఉందనుకుని జావా దాని జాగా ఖాళీ చేయదు.

ఇంత చిన్న క్లాసును నేను సొంతంగా రాయకపోవడం వల్ల జరిగింది చెబుతాను. 2000 ప్రాంతంలో ఒక కంపెనీకి గోదాము నిల్వల ప్రోగ్రాం రాస్తున్నాను. పొరపాటున మార్చిన అంకెను వెనక్కి తెచ్చే మీట ఒకటి అందులో ఉంది. ఎవరైనా అంకె మార్చితే "5వ వరసలో అంతకు ముందు 40 బస్తాలు" అని స్టాక్‌లో పడుతుంది. మీట నొక్కితే పైది తీసి 5వ వరసను మళ్ళీ 40 చేస్తుంది. బాగానే నడిచింది. తర్వాత ఒక వరసను పూర్తిగా కొట్టేసే సదుపాయం అడిగారు. 3వ వరస పోతే దాని పాత సంగతులు ఎందుకులే అని, స్టాక్ మధ్యలోంచి వాటిని ఏరి పారేశాను. అదే కాంపోజిషన్ కట్ట తెలివి! 3వ వరస పోగానే 5వది 4వది అయింది. స్టాక్ మాత్రం ఇంకా 5 అనే అంటోంది. మీట నొక్కినప్పుడు వేరే సరుకు అంకె మారిపోయింది.

లెక్కలో బస్తాలు తగ్గాయి. నాలుగు రోజులు గోదాము గుమాస్తాను అనుమానించారు. ఆయన వయసులో నాకంటే చాలా పెద్ద. నాలుగో రోజు రాత్రి నాకు తప్పు కనిపించింది. మర్నాడు పొద్దున్నే వెళ్ళి అందరి ముందూ చెప్పాను. ఆయన "సరేలే బాబూ" అని మళ్ళీ పుస్తకంలో తల దూర్చారు. కోప్పడి ఉంటే బాగుండేది.

తప్పు నాదే, కానీ తలుపు తెరిచి పెట్టింది జావా. 1996లో జావాతో పాటు వచ్చిన స్టాక్ క్లాసును వెక్టర్ అనే మామూలు జాబితాకు వారసుణ్ణి చేశారు. తండ్రి ఆస్తితో పాటు తండ్రి అలవాట్లూ వచ్చాయి: మధ్యలో దూర్చొచ్చు, మధ్యలోంచి లాగొచ్చు. పాత ప్రోగ్రాములు ఆగిపోతాయని దాన్ని తీసేయలేదు. 2006లో అరేడెక్ అని ఇంకోటి ఇచ్చి, దాన్ని వాడుకోమంటున్నారు. అందులోనూ రెండు చివరల నుంచీ తీసే వీలుంది. అందుకే నేను దాన్ని కూడా నా సొంత క్లాసు లోపల ప్రైవేటుగా దాచిపెట్టి, పై తలుపొక్కటే తెరుస్తాను. జాబితాకు వారసుడు కావడం వేరు, జాబితాను లోపల ఉంచుకోవడం వేరు.

ఆ ప్రోగ్రాంలో స్టాక్‌ను నలభై లైన్లలో మళ్ళీ రాశాను. వరస కొట్టేయడాన్ని కూడా ఒక మార్పుగానే పైన పెట్టాను. మీట నొక్కితే ముందు 3వ వరస తిరిగొస్తుంది, అప్పుడు 5వది మళ్ళీ 5వదే అవుతుంది. వారం తర్వాత నా పక్కన పనిచేసే కుర్రాడు వచ్చి, "మధ్యలోది ఒకటి తీయాలి సార్, మీ క్లాసులో దారి లేదేంటి?" అన్నాడు. పైవన్నీ ఒక్కొక్కటే తీసుకుంటూ రమ్మన్నాను. గొణుక్కుంటూ వెళ్ళాడు.

ఆ నలభై లైన్లు అచ్చు తీసి మన కంప్యూటరు గదిలో ఇచ్చాను. పిల్లలు నడిపి చూసి, తప్పులుంటే నాకు రాయొచ్చు.