పత్తి కాస్తా ‘పతి’ అయింది: వెబ్ పేజీకి ఫొటో టెస్ట్

ఈ ఎపిసోడ్‌లో విజువల్ రిగ్రెషన్ టెస్టింగ్ గురించి మాట్లాడుకుందాం. పేరు విని భయపడకండి. నిన్న పేజీ ఎలా కనపడిందో ఒక ఫొటో, ఇవాళ ఎలా కనపడుతోందో ఒక ఫొటో. రెండిటినీ మెషిన్ చుక్క చుక్కా పోల్చి చూస్తుంది. తేడా వస్తే ఆగి మనల్ని పిలుస్తుంది. ఉన్నది అంతే.

దీన్ని నేను ఏ కోర్సులోనూ నేర్చుకోలేదు. మా పెదనాన్న పన్నెండు టిక్కీల మిర్చి తక్కువకి అమ్ముకున్నాక నేర్చుకున్నా. టిక్కీ అంటే మా వైపు మిర్చి బస్తా అండి, తెలియని వాళ్ల కోసం చెప్తున్నా.

సంగతి ఏంటంటే, నేనూ ఇద్దరు ఫ్రెండ్సూ కలిసి చిన్న పేజీ ఒకటి నడుపుతున్నాం. గుంటూరు మిర్చి యార్డులో ఆ రోజు ఏ రకం ఎంత పలికిందో సాయంత్రానికి అందులో పెడతాం. పక్కనే పత్తి ధరలు కూడా. మా ఊళ్లో అందరూ ఫోన్‌లో చూసుకుంటారు. పేజీలో ఒక్కో రకానికి ఒక్కో వరుస. పైన రకం పేరు, దాని కింద సన్నగా గ్రేడు, కుడివైపు ధర. అంటే ‘తేజ’ అని ఉండి కింద ‘డీలక్స్’ అని ఒక వరుస, ‘తేజ’ అని ఉండి కింద ‘తాలు’ అని ఇంకో వరుస. తాలు అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయలు. కల్లంలో ఏరి పక్కన పోస్తారు చూడండి, అవి. మంచి కాయకీ తాలుకీ కింటాకి వేలల్లో తేడా ఉంటుంది.

ఒకరోజు వరుసలన్నీ ఒకే ఎత్తులో ఉంటే నీట్‌గా ఉంటుంది కదా అనిపించి, ఒక్కో వరుసకి హైట్ 48 పిక్సెల్స్ అని ఫిక్స్ చేసి, ఓవర్‌ఫ్లో హిడెన్ అని పెట్టా. అంటే గీత దాటి బయటికొచ్చింది ఏదైనా కనపడదు. నా ఫోన్‌లో బ్రహ్మాండంగా ఉంది. టెస్టులు రన్ చేశా, అన్నీ పచ్చ. పేజీ ఎక్కించేశా.

మా పెదనాన్న ఫోన్‌లో అక్షరాలు పెద్ద సైజు పెట్టుకుంటారు. ఆ వయసు వాళ్లందరూ అంతే, మీ ఇంట్లో కూడా చూడండి. ఆ సైజుకి ‘తేజ’ అన్న పేరుకే వరుస నిండిపోయింది. కింద ఉన్న ‘డీలక్స్’, ‘తాలు’ రెండూ గీత కిందికి పోయాయి. ఆయనకి కనపడింది ‘తేజ’ అని రెండు వరుసలు, ఒక తక్కువ ధర, ఒక ఎక్కువ ధర. ఇంతనుంచి ఇంతదాకా పలికింది కాబోలు అనుకున్నారు. అదే టైముకి కల్లం దగ్గరికి వచ్చిన బేరగాడు రెండిటికీ మధ్యలో ఒక రేటు చెప్పాడు. బండి కిరాయి పెట్టుకుని గుంటూరు దాకా పోయి కింది రేటు తెచ్చుకునే కంటే ఇదే నయం అని కాటా వేయించేశారు.

రాత్రి ఫోన్ చేసి, ‘ఏరా, మన తేజ ఇవాళ అంత దిగిపోయిందేంట్రా?’ అన్నారు. నాకు అర్థం కాలేదు. ‘లేదు పెదనాన్నా, బాగానే పలికింది కదా’ అన్నా. స్క్రీన్‌షాట్ పంపమన్నా. చూశాక ఏం మాట్లాడాలో తెలియలేదు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదండి. అదే ఇంకా బాధ.

సరే, విషయానికి వద్దాం. మరి నా టెస్టులు ఎందుకు పట్టుకోలేదు? ‘ఈ పేజీలో తాలు అన్న మాట ఉందా’ అని అడిగితే, ఉంది అని చెప్పాయి. నిజంగానే ఉంది, కోడ్‌లో ఉంది. మేం వాడేది ప్లేరైట్, మైక్రోసాఫ్ట్ వాళ్లు 2020లో విడుదల చేసిన ఉచిత టూల్. అందులో ‘టు బి విజిబుల్’ అనే చెక్ ఉంది, అంటే కనపడుతోందా అని. అది కూడా ఔననే చెప్తుంది! ఎందుకంటే దాని లెక్కలో కనపడటం అంటే ఆ డబ్బాకి పొడవూ వెడల్పూ ఉండటం, విజిబిలిటీ హిడెన్ అని రాసి ఉండకపోవడం. పై డబ్బా దాన్ని కోసేసిందా లేదా అన్నది అది చూడదు. పెదనాన్న కళ్లకి కనపడిందా అనే ప్రశ్నకి ఆ చెక్‌లో చోటే లేదు.

అందుకే ఫొటో. ప్లేరైట్‌లోనే ‘టు హ్యావ్ స్క్రీన్‌షాట్’ అని ఉంది. మొదటిసారి రన్ చేస్తే పోల్చడానికి పాత ఫొటో ఉండదు కాబట్టి, ఇప్పుడున్నదాన్నే తీసి దాచి, టెస్ట్ ఫెయిల్ అని చూపిస్తుంది. కంగారుపడొద్దు, అది మామూలే. ఆ దాచిన ఫొటోని బేస్‌లైన్ అంటారు. రెండోసారి నుంచి దాంతో పోలుస్తుంది. తేడా ఉంటే మూడు ఫొటోలు ఇస్తుంది: పాతది, కొత్తది, తేడాల్ని ఎర్రగా చూపించేది. ఈ ఐడియా కొత్తదేం కాదు. బీబీసీ న్యూస్ వాళ్లు 2013లోనే రెయిత్ అని ఒక టూల్ చేసి అందరికీ ఉచితంగా ఇచ్చారు.

నేను మూడు సైజులు పెట్టుకున్నా. 360 పిక్సెల్స్ వెడల్పు ఫోన్ ఒకటి, అదే ఫోన్‌లో అక్షరాలు 1.3 రెట్లు చేసి ఒకటి, లాప్‌టాప్ ఒకటి. రెండోదానికి ఫోల్డర్‌లో ‘పెదనాన్న’ అనే పేరు పెట్టా. లాప్‌టాప్‌ది అలవాటుకొద్దీ పెట్టా గానీ, మా పేజీని లాప్‌టాప్‌లో చూసేది నేనొక్కణ్ణే.

ఇప్పుడు మీకో డౌట్ రావాలి. ధరలు రోజూ మారతాయి కదా, రోజూ ఫొటో తేడా వస్తుంది కదా? వస్తుంది. దీనికి చాలామంది చెప్పేది మాస్క్ వేయమని. మారే చోట ప్లేరైట్ ఒక గులాబీ రంగు డబ్బా కప్పేసి పోలుస్తుంది. నేను మొదట అదే చేశా. తర్వాత తట్టింది, మా పేజీలో తప్పు జరిగింది సరిగ్గా ఆ డబ్బా కింద! ధరల పట్టికకి మాస్క్ వేస్తే ఇంక చెక్ చేసేదేముంది, పైన లోగో తప్ప? అందుకని మాస్క్ తీసేశా. టెస్ట్ టైములో సర్వర్ నుంచి నిజం ధరలు రాకుండా ఆపి, నేను రాసి పెట్టిన దొంగ ధరలు ఇస్తా. తేదీ కూడా ఒకే రోజు దగ్గర ఆపేస్తా. ఆ దొంగ డేటాలో కావాలనే కష్టమైనవి పెట్టా: అన్నిటికంటే పొడవైన రకం పేరు, అయిదంకెల ధర, ధర రాని రోజుకి ఖాళీ.

ఇక్కడితో అయిపోయిందనుకున్నా. అవలేదు. రెండో తప్పు ఇంకా తమాషాగా జరిగింది.

నా లాప్‌టాప్ విండోస్. టెస్టులు నడిచే సర్వర్ లైనక్స్. అక్షరాల అంచులు రెండిట్లో రెండు రకాలుగా గీస్తాయి. మామూలు కంటికి తెలియదు, చుక్కలు లెక్కపెట్టే మెషిన్‌కి తెలుస్తుంది. దాంతో రోజూ ఫెయిల్. అసలు మొదటి రోజైతే సర్వర్‌లో తెలుగు ఫాంటే లేదు, పేజీ మొత్తం ఖాళీ డబ్బాలు! విసుగొచ్చి, ఒక శాతం తేడా ఉన్నా పర్లేదు అని సెట్టింగ్ పెట్టా. అన్నీ మళ్లీ పచ్చ. హాయిగా ఉంది.

రెండు వారాల తర్వాత మా చెల్లి ఒక స్క్రీన్‌షాట్ పంపి నవ్వుతున్న బొమ్మలు పది పెట్టింది. ‘అన్నయ్యా, ఇవాళ పతి ధర ఎంత?’ అని రాసింది. చూస్తే నిజంగానే పేజీలో పత్తి బదులు ‘పతి’ అని ఉంది. కింది త ఒత్తు తెగిపోయింది.

ఏం జరిగిందంటే, పొడవైన పేర్లకి చివర మూడు చుక్కలు రావాలని ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టా, లైన్ హైట్ 1 చేశా. ఇంగ్లిష్‌లో అక్షరం కిందికి దిగేది కొంచెమే. మనకి ఒత్తు మొత్తం కిందే వేలాడుతుంది. లైన్ హైట్ బిగిస్తే మొదట తెగేది అదే. ఊళ్ల పేర్లు చూడండి. పర్చూరు ‘పరూరు’ అయింది, మార్టూరు ‘మారూరు’ అయింది, అద్దంకి ‘అదంకి’, సత్తెనపల్లి ‘సతెనపలి’. నేను పేజీ ఎక్కించే ముందు చూసుకున్నది ఏంటో తెలుసా? గుంటూరు, ఒంగోలు, చిలకలూరిపేట. వాటిల్లో ఒక్క ఒత్తు కూడా లేదు! క్వింటా అయితే ‘కింటా’ అయింది. మనం పలికేది అదే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

కోడ్‌లో మాత్రం పత్తి పత్తిగానే ఉంది. ప, త, పొల్లు, ఇంకో త, గుడి, మొత్తం అయిదు కోడ్లు. వాటిని కలిపి ఒత్తుగా మలిచి గీసేది బ్రౌజర్. కాబట్టి మాటని చెక్ చేసే టెస్ట్ ఇక్కడ ఎప్పటికీ పచ్చే. మన లిపిలో ఈ కలిపే పని ఎంత చిక్కో చెప్పడానికి ఒక్క ఉదాహరణ. 2018 ఫిబ్రవరి గుర్తుందా? ‘జ్ఞా’ అనే మన అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లలో యాప్ మూసుకుపోయేది. లోపల కనపడని ఒక నాన్-జాయినర్ కోడ్ కూడా ఉండేది లెండి. ఆపిల్ ఫిబ్రవరి 19న 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. అంత పెద్ద కంపెనీకే అలా అయింది.

మరి ఫొటో టెస్ట్ ఉంది కదా, ‘పతి’ని ఎందుకు వదిలేసింది? లెక్క వేసి చూడండి. నా ఫొటో 360 ఇంటూ 800, అంటే 2,88,000 చుక్కలు. అందులో ఒక శాతం 2,880. 16 సైజు అక్షరం కింద ఒత్తు గట్టిగా ఓ యాభై చుక్కలు ఉంటుందేమో. అంటే నేను ఇచ్చిన ఆ ఒక్క శాతంలో యాభైకి పైగా ఒత్తులు మాయమవ్వచ్చు, టెస్ట్ నోరెత్తదు. ‘ఒక శాతమే కదా’ అనుకున్నా. ఒక బొమ్మ జరిగితే ఆ శాతం పట్టుకుంటుంది. తెలుగు ఒత్తుని పట్టుకోదు.

ఇప్పుడేం చేశానంటే, శాతం తీసేశా. ఇన్ని చుక్కలు అని నేరుగా అంకె ఇచ్చే ‘మ్యాక్స్ డిఫ్ పిక్సెల్స్’ పెట్టి, దాన్ని 10కి దించా. ‘త్రెషోల్డ్’ అని ఇంకోటి ఉంటుంది, మామూలుగా 0.2. దాన్నీ దీన్నీ కలిపేసుకోకండి. అది ఒక్కో చుక్క రంగులో ఎంత తేడా ఉంటే తేడా అనాలో చెప్తుంది, ఎన్ని చుక్కలో కాదు. అంత గట్టిగా పెడితే రోజూ ఫెయిల్ అవ్వదా అంటే, అవ్వకుండా చేయాల్సింది వేరే చోట. బేస్‌లైన్ ఫొటోలు నా విండోస్‌లో తీయడం మానేశా. లాప్‌టాప్‌లోనూ సర్వర్‌లోనూ ఒకే డాకర్ ఇమేజ్‌లో తీస్తున్నా. ఫాంట్ కూడా పేజీతోనే పంపిస్తున్నా. సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా ఇచ్చిన మండలి ఫాంట్, గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతుంది. ఫాంట్ పూర్తిగా దిగేదాకా ఆగి అప్పుడు ఫొటో తీయమని చెప్పా. లైన్ హైట్ 1.6 చేశా.

ఒక జాగ్రత్త. ప్లేరైట్‌లో ఫలానా ఫోన్ అని పేరు ఇస్తే స్క్రీన్ సైజు, బ్రౌజర్ పేరు లాంటివి మారతాయి గానీ, ఆ ఫోన్‌లో ఉండే ఫాంట్ రాదు. అక్షరాలు గీసేది ఆ కంప్యూటరే. కాబట్టి ఫాంట్ మీరు పంపకపోతే, మీరు ఫొటోలో చూసేదీ ఊళ్లో వాళ్లు చూసేదీ ఒకటి కాదు.

ఇంకోటి, ఇది ఒప్పుకోడానికి సిగ్గుగా ఉంది. ‘అప్‌డేట్ స్నాప్‌షాట్స్’ అని ఒక కమాండ్ ఉంటుంది. కొట్టగానే పాత ఫొటోలన్నీ పోయి ఇప్పుడున్నవే కరెక్ట్ అయిపోతాయి. మధ్యలో ఒకసారి బటన్ రంగు మార్చి, ఫొటోలు చూడకుండా ఆ కమాండ్ కొట్టేశా. అప్పటికే పేజీలో ‘పతి’ ఉంది. అంటే ఆ రోజు నుంచి నా టెస్ట్ దృష్టిలో ‘పతి’యే సరైనది. ఎవరైనా ‘పత్తి’ అని బాగు చేసి ఉంటే, అదే ఫెయిల్ అయ్యేది! ఇప్పుడు మా ముగ్గురిలో కోడ్ మార్చినవాళ్లు కొత్త ఫొటో ఒప్పుకోడానికి లేదు, ఇంకొకరు చూసి సరే అనాలి. మా చెల్లిని కూడా లిస్టులో చేర్చా. కోడ్ రాదు గానీ కళ్లు మంచివి.

పెదనాన్న కోసం ఒక మార్పు చేశాం. తాలుని గ్రేడు కింద సన్నగా రాయడం తీసేసి, పేరులోనే ‘తేజ తాలు’ అని పెద్దగా పెట్టాం. వరుస హైట్ ఫిక్స్ చేయడం లేదు, ఎంత కావాలంటే అంత పెరుగుతుంది. నీట్‌గా అయితే లేదు. మొన్న సంక్రాంతికి వెళ్తే ఆయనే ఫోన్ తీసి చూపించారు, ‘ఇప్పుడు కనపడతందిలేరా’ అని. తర్వాత ఎపిసోడ్‌లో డాకర్ ఇమేజ్‌లో తెలుగు ఫాంట్ ఎలా వేయాలో స్క్రీన్ మీద చేసి చూపిస్తా. ఉంటానండి.