గోడ సంఘానిది, బొమ్మ ఎవరిది?

(కంకిపాడులో పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఏ విషయం మాట్లాడమంటారని మేము కార్యదర్శులను ముందుగా అడిగాము. దాణా గురించి, దూడల పెంపకం గురించి చెప్పడానికి పశువైద్యులు ఉన్నారు, మీరు లెక్కల మనిషి గనుక ఎన్నికల రోజుల్లో సంఘానికి వచ్చే చిక్కుల గురించి చెప్పండి అన్నారు. అందుకు సంతోషించి ఒప్పుకున్నాము. ఎందుకంటే ఈ విషయంలో మా తప్పు కూడా కొంత ఉన్నది.

కొన్నేళ్ల క్రితం ఒక సంఘం పుస్తకాలు తనిఖీ చేస్తున్నాము. ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. ఖర్చుల పద్దులో 'బోర్డుల నిమిత్తం' అని మూడు వేల చిల్లర రాసి ఉన్నది. పాల ధరల బోర్డు కాబోలనుకున్నాము. ఓచరు తిప్పి చూస్తే ఫ్లెక్సీల దుకాణం బిల్లు. పంచాయతీ ఎన్నికల్లో సర్పంచి పదవికి నిలబడిన ఒకాయన బొమ్మతో నాలుగు ఫ్లెక్సీలు కట్టించారు. కింద 'పాల సంఘం సభ్యులందరి తరఫున' అని పెద్ద అక్షరాలు. ఒకటి పాల సేకరణ కేంద్రం గోడకే వేలాడింది. పాలకవర్గం తీర్మానం లేదు. సభ్యులను అడిగినవారు లేరు. అభ్యర్థిని విచారిస్తే, "నేను అడగలేదండీ, అభిమానం కొద్దీ వాళ్లే కట్టారు" అన్నాడు. అవతలి పక్షంవారు ఎన్నికల అధికారికి ఫిర్యాదు పెడితే, తాను చేయని ఖర్చుకు ఆయన సంజాయిషీ రాసుకోవలసి వచ్చింది.

అధ్యక్షుడు, కార్యదర్శి ఆ డబ్బు తిరిగి కట్టారు. పద్దు సరిపోయింది. ఊరు మాత్రం సరిపోలేదు. అవతలి పక్షం కుటుంబాలు సాయంత్రం పాలు ప్రైవేటు వ్యాపారికి పోయడం మొదలుపెట్టాయి. తర్వాత పొద్దుటి పాలు కూడా పోయాయి. నిండుగా వెళ్లే క్యాన్లు వెలితిగా వెళ్లాయి. ఆ ఇళ్లవాళ్లు మళ్లీ సంఘం గడప తొక్కడానికి రెండేళ్లు పట్టింది. కొందరు ఈనాటికీ రాలేదు.

ఆనాడు ఒక పెద్దావిడ మాతో అన్న మాట మరువలేము. "బాబుగారూ, ఆ బోర్డులో డబ్బు నా గేదెది. మాట మాత్రం నాది కాదు" అన్నది. ఆమె ఏ పక్షమో మేము అడగలేదు, అడగనక్కరలేదు కూడా.

ఇందులో మా తప్పు ఏమిటంటే, అంతకు వారం ముందే మేము వేరే పని మీద ఆ కేంద్రానికి వెళ్లాము. ఆ ఫ్లెక్సీ కిందనే కూర్చుని టీ తాగాము. చూశాము, మనకెందుకులే అనుకున్నాము. ఆ పూటే విప్పించి ఉంటే వ్యవహారం అంతదూరం పోయేది కాదు.

ఇక చట్టం సంగతి. అభ్యర్థి కాక, అతని తరఫున ఏజెంటు కాక, మరొకరు డబ్బు పెట్టి ప్రచారం చేస్తే దాన్ని మూడో మనిషి ప్రచారం అనుకుందాం. అభిమాని కావచ్చు, కులపెద్ద కావచ్చు, కాంట్రాక్టరు కావచ్చు, విదేశంలో ఉన్న మన పిల్లవాడు కావచ్చు, సంఘమూ కావచ్చు. దీనిపై మన దేశంలో 1920 నుండి శాసనం ఉన్నది. ఆ ఏడాది చేసిన చట్టం ద్వారా భారత శిక్షాస్మృతిలో ఎన్నికల నేరాల అధ్యాయం చేరింది. అందులోని 171-హెచ్ సెక్షను చెప్పేది ఇది: అభ్యర్థి రాతపూర్వకమైన అనుమతి లేకుండా, అతన్ని గెలిపించే ఉద్దేశంతో సభ మీదగాని, ప్రకటన మీదగాని, కరపత్రం మీదగాని ఎవరూ ఖర్చు చేయరాదు. చేస్తే అయిదు వందల రూపాయల వరకు జరిమానా. పది రూపాయలు మించని ఖర్చయితే, పది రోజుల లోపల అభ్యర్థి నుండి రాతపూర్వకమైన ఆమోదం తెచ్చుకుంటే సరిపోతుంది.

2024 జూలై 1 నుండి శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలుకు వచ్చింది. ఈ నిబంధన అందులో 176వ సెక్షను అయింది. జరిమానా పదివేల వరకు పెరిగింది. పది రూపాయల మినహాయింపు మాత్రం అలాగే ఉండిపోయింది. 1920లో పది రూపాయలకు ఎంతో విలువ. ఈనాడు దానికి అర లీటరు పాల ప్యాకెట్టు కూడా రాదు. కాబట్టి ఎంత చిన్న ఫ్లెక్సీ అయినా ముందు అనుమతి కాగితం, ఆ తర్వాతే బేరం అని గుర్తుపెట్టుకోండి. ఈ సెక్షను అసెంబ్లీకి, పార్లమెంటుకే కాదు, చట్టప్రకారం జరిగే పంచాయతీ, మునిసిపాలిటీ ఎన్నికలకు కూడా వర్తిస్తుంది.

అనుమతి ఎందుకు? అభ్యర్థి ఖర్చుకు పరిమితి ఉన్నది, లెక్క అప్పగించవలసిన బాధ్యత ఉన్నది. పక్కవాళ్లు ఎంతైనా పెట్టవచ్చునంటే ఆ పరిమితికి అర్థం లేదు. గట్టు ఒకవైపు వేసి రెండోవైపు గండి కొట్టినట్లు అవుతుంది. ఈ గండి మన దేశంలో నిజంగానే పడింది. 1974 అక్టోబరులో కన్వర్‌లాల్ గుప్తా కేసులో, అభ్యర్థికి తెలిసి పార్టీగాని మిత్రులుగాని పెట్టిన ఖర్చు కూడా అతని లెక్కలోకే వస్తుందని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అదే నెలలో ఆర్డినెన్సు తెచ్చారు, ఆ ఏడే చట్టం సవరించారు. పార్టీ పెట్టినది, ఇతరులు పెట్టినది అభ్యర్థి లెక్కలోకి రాదన్నారు. ఆ గండి దాదాపు ముప్పై ఏళ్లు ఉన్నది. 2003లో చట్టాన్ని మళ్లీ సవరించి పూడ్చారు. పార్టీ ప్రచార నాయకుల ప్రయాణ ఖర్చులకు మాత్రం మినహాయింపు ఉంచారు. ఇది అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికల చరిత్ర. అయినా పాఠం ఊరికీ పనికివస్తుంది.

అచ్చు విషయానికి వద్దాం. ప్రజా ప్రాతినిధ్య చట్టం 127-ఎ సెక్షను ప్రకారం ఎన్నికల కరపత్రం మీద, పోస్టరు మీద అచ్చువేసినవారి పేరు, చిరునామా, ప్రచురించినవారి పేరు, చిరునామా ఉండి తీరాలి. అచ్చు వేయించేవారు తామెవరో సంతకం చేసిన ప్రకటన ఇవ్వాలి. వారిని ఎరిగిన ఇద్దరు దానిని ధ్రువపరచాలి. తప్పితే ఆరు నెలల వరకు జైలు, రెండు వేల వరకు జరిమానా, లేదా రెండూ. పంచాయతీ ఎన్నికలు నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. ఆ సంఘం ప్రతిసారీ ప్రవర్తనా నియమావళిని ప్రకటిస్తుంది. దాని ప్రతిని మండల కార్యాలయంలో అడిగి తెచ్చుకుని చదవండి.

టీవీ ప్రకటనల మాట వస్తే, ఆ కథ మన రాష్ట్రంలోనే మొదలైంది. కేబుల్ టీవీలో రాజకీయ ప్రకటనలపై ఉన్న నిషేధాన్ని 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టివేసింది. జెమినీ టీవీ పేరు మీద ఆ వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ ఏడు ఏప్రిల్ 13న కోర్టు, ప్రకటన ఏదైనా ముందుగా ధ్రువీకరణ పొందాలని ఆదేశించింది. పార్టీగాని అభ్యర్థిగాని కాని మూడో మనిషి ప్రకటన వేస్తే, అది ఏ పార్టీకి, ఏ అభ్యర్థికి లాభం కోసం కాదని, వారెవరూ దానికి డబ్బు ఇవ్వలేదని ప్రమాణం చేసి చెప్పాలి. చెల్లింపు చెక్కు ద్వారాగాని, డ్రాఫ్టు ద్వారాగాని జరగాలి.

"అయితే మా నోరు కట్టేస్తారా?" అని మీలో ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఇంగ్లండులో కూడా ఇలాగే అయిదు పౌండ్ల పరిమితి ఉండేది. అనుమతి లేకుండా ఓటర్లకు కరపత్రాలు పంచినందుకు ఒకావిడపై కేసు పెట్టారు. అంత చిన్న పరిమితి మాట్లాడే స్వేచ్ఛకు అడ్డమని 1998లో యూరోపు మానవ హక్కుల న్యాయస్థానం తీర్పు చెప్పింది. తర్వాత దానిని పెంచారు. మన పిల్లలు ఎందరో స్థిరపడిన కెనడాలో, అంటారియో రాష్ట్రపు స్థానిక ఎన్నికలకు 2018 నుండి వేరే పద్ధతి ఉన్నది. మూడో మనిషి ప్రకటన వేయవచ్చును. అయితే ముందుగా పట్టణ కార్యాలయంలో పేరు నమోదు చేసుకోవాలి, ప్రకటన మీద తన పేరు వేయాలి, ఖర్చుకు పరిమితి ఉంటుంది, లెక్క చూపాలి. అక్కడైనా ఇక్కడైనా సారాంశం ఒకటే. మాట్లాడు, కాని ముసుగు వేసుకుని మాట్లాడకు.

ఇక సంఘం విషయం తేటగా చెబుతాము. మన సంఘాలు 1964 సహకార చట్టం కిందనో, 1995 పరస్పర సహాయ సహకార చట్టం కిందనో నమోదైనవి. బైలాలో రాసుకున్న పనులకే సంఘం డబ్బు. సర్పంచి ఎన్నిక ఆ పనుల్లో లేదు. పాలకవర్గం తీర్మానం చేసినా అది ఒప్పు కాదు. పాలు పోసేవారిలో అన్ని పక్షాలవారూ ఉంటారు. వెన్న కొలిచే యంత్రానికి ఎవరి పక్షమూ తెలియదు, తెలియకూడదు.

కాబట్టి నాలుగు జాగ్రత్తలు. ఒకటి: సంఘం డబ్బుతో, సంఘం పేరుతో, సంఘం లెటరు కాగితంపై ఎవరికీ ప్రచారం వద్దు. కేంద్రం గోడ, పాల వ్యాను, పాస్ పుస్తకం, సంఘం వాట్సాప్ గ్రూపు, ఇవన్నీ సంఘం పేరు కిందికే వస్తాయి. రెండు: బిల్లుల చెల్లింపు రోజున అభ్యర్థులను పిలిచి వారి చేతులమీదుగా డబ్బు ఇప్పించవద్దు. మూడు: సభ్యులు తమ సొంత హోదాలో ఎవరికైనా ప్రచారం చేయవచ్చును, అది వారి హక్కు. అయితే అభ్యర్థి దగ్గర అనుమతి కాగితం తీసుకోండి, బిల్లు మీ పేరున రాయించండి, ఎంత పెట్టారో అతనికి చెప్పండి. అతని లెక్కలో చేరాలి గదా. నాలుగు: ఒకరిని గెలిపించడానికి ఇంకొకరి స్వభావం, నడత గురించి అబద్ధం అచ్చు వేయించవద్దు. అది వేరే నేరం, న్యాయ సంహిత 175వ సెక్షను.

అధ్యక్షులే స్వయంగా పోటీలో ఉంటే ఏం చేయాలి అని కొందరు అడుగుతున్నారు. పోటీ చేయవచ్చు. ప్రచారం జరిగినన్నాళ్లూ కేంద్రంలో కుర్చీ ఖాళీగా ఉంచి, చెక్కులపై సంతకాలు తప్ప మిగతా వ్యవహారం మరొక డైరెక్టరుకు అప్పగిస్తే గౌరవంగా ఉంటుంది. ఇది చట్టం కాదు, మా సలహా.

మన రాష్ట్రంలో గ్రామ పంచాయతీ ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతలుగా, పార్టీ గుర్తులు లేకుండా జరిగాయి. పంచాయతీ కాలపరిమితి అయిదేళ్లు. ఎన్నికలు వస్తాయి, పోతాయి. రోజుకు రెండు పూటలా వచ్చేది పాలే. ఓడినవాడి ఇంటి గేదె, గెలిచినవాడి ఇంటి గేదె ఇచ్చిన పాలు ఒకే క్యానులో కలుస్తాయి. ఆ కలయిక చెడకుండా చూసుకోవడమే సహకారం.

ఈ పూట ఇంటికి వెళ్లేటప్పుడు మీ కేంద్రం గోడ ఒకసారి చూడండి. పాత ఎన్నికల బొమ్మ ఏదైనా మిగిలి ఉంటే, ఎవరిదైనా సరే, ఈరోజే తీసేయండి. మేము కూడా ఇకమీదట ఏ కేంద్రానికి వెళ్లినా ముందు గోడ చూసి, ఆ తర్వాతే టీ తాగుతాము.