పాత వ్యానుకు బేరింగు కొనేటప్పుడు
(బుచ్చిరెడ్డిపాలెంలో రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కాలువ నీళ్ల గురించి, ధాన్యం ధర గురించి నాకంటే ముందు మాట్లాడినవాళ్లు చెప్పారు. నేను చిన్న ఇనుప ముక్క గురించి చెప్తాను. చక్రం బేరింగు. నవ్వబాకండి. కోతలప్పుడు మన పంట మిల్లుకు పోయేది దాని మీదే.

మనలో ఎక్కువమందికి ఉన్నది సెకండ్ హ్యాండు వ్యాను. పదేళ్లు, పదిహేనేళ్లు తిరిగినవి. కొత్తది కొనే ఆదాయం వ్యవసాయంలో లేదు, బాడుగ బండి వాళ్లు కోతల్లో అడిగినంత ఇవ్వాలి. అందుకే పాతదాన్నే రిపేర్లు చేయించుకుంటూ తోలతాం.

రెండేళ్ల కింద మార్చి నెలలో మా తమ్ముడి కొడుకు ధాన్యం వేసుకుని ముంబయి రోడ్డు మీద పోతున్నాడు. ముందు ఎడమ చక్రం నుంచి గుయ్యిమని మోత వస్తుంటే పాటలు పెద్దగా పెట్టుకున్నాడు. కాసేపటికి చక్రం వాలిపోయి బండి పక్కకు లాగేసింది. ఎదురుగా లారీ రాలేదు కాబట్టి పిల్లోడు మనకు దక్కాడు. రాత్రంతా మంచులో ఉన్న ధాన్యానికి తేమ పెరిగిందని మర్నాడు ధర కోశారు.

ఆ బేరింగు కొన్నది నేనే. రెండు నెలలు కూడా కాలేదు. పేరున్న కంపెనీ పెట్టె, ధర సగం, బిల్లు లేదు. సగం ధరకు ఎట్లా ఇస్తున్నాడని నేను అడగలేదు. విప్పి చూస్తే రోలర్లు గుంటలు పడి, కేజీ ముక్కలై, ఇనుము కాలి నీలం రంగుకు తిరిగింది.

అప్పటినుంచి నేను బేరింగు కొనే పద్ధతి మార్చుకున్నాను. బండి మోడలు చెప్పి కొనను. పాతది విప్పించి, తుడిచి, దాని మీది నంబరు రాసుకుని పోతాను. గుండ్ల బేరింగు మీద 6205 అని ఉందనుకోండి, చివరి రెండంకెలను అయిదుతో గుణిస్తే లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు. 6206 అయితే 30. నంబరు వెనక అక్షరాలు కూడా వదలొద్దు. 2ఆర్ఎస్ అంటే రెండు పక్కలా రబ్బరు సీలు ఉన్నది. సి3 అంటే లోపల సందు కొంచెం ఎక్కువ. షాపులో "అదీ ఇదీ ఒకటేలే అన్నా" అంటే ఒప్పుకోబాకండి.

పాత చిన్న వ్యాన్లలో ముందు చక్రాలకు చాలావాటిలో టేపర్ బేరింగులు లోపలొకటి, బయటొకటి ఉంటాయి. ఒక్కోదానికి రెండు భాగాలు: రోలర్లున్న కోను, హబ్బులో దిగ్గొట్టే కప్పు. కప్పు ఊడదీయడం కష్టం కాబట్టి "కప్పు బాగానే ఉంది అన్నా, ఉండనీలే" అంటాడు మెకానిక్కు. అరిగిన కప్పులో కొత్త రోలర్లు తిరిగితే అవి కూడా తొందరగా పోతాయి. రెండూ కలిపే మార్చండి, ఆయిల్ సీలు కూడా.

దొంగ సరుకును కంటితో పట్టడం అన్నిసార్లూ కుదరదు. పెట్టె మీది నంబరు, బేరింగు మీది నంబరు ఒకటేనా చూడాలి. అక్షరాలు అలికినట్టు ఉన్నా, గ్రీజు కింద తుప్పు కనబడినా వెనక్కి ఇచ్చేయాలి. జైపూర్లో 1946 నుంచి ఉన్న ఎన్‌బీసీ గానీ, టిమ్కెన్, ఎస్‌కేఎఫ్ గానీ, పేరు ఏదైనా ఆ కంపెనీ డీలరు దగ్గరే బిల్లుతో కొనండి. అనుమానం వస్తే ఎస్‌కేఎఫ్ వాళ్లకు ఫోన్లో యాప్ ఉంది, ఫోటోలు పంపితే అసలుదో కాదో చెప్తారు. బిల్లు లేకపోతే రేపు ఎవరి మీదా ఫిర్యాదు చేయలేం. నేను చేయలేకపోయింది అందుకే.

అయితే తప్పంతా షాపువాడి మీద వేస్తే అబద్ధం అవుతుంది. మన పుట్టి 850 కేజీలు. టాటా ఏస్ లాంటి చిన్న బండి మోయాల్సింది సుమారు 750. అంటే ఒక్క పుట్టి వేసినా ఎక్కువే, మనం రెండు వేస్తాం. బరువు రెట్టింపైతే రోలర్ బేరింగు ఆయుష్షు సగానికి కాదు, సుమారు పదో వంతుకు పడిపోతుంది. ఆ లెక్క మన కోసం మారదు. రెండు ట్రిప్పులకు డీజిలు ఎక్కడిదని అడుగుతారు, నాకూ తెలుసు. మిల్లు దగ్గర గంటలకొద్దీ నిలబెట్టకపోతే రెండో ట్రిప్పు మనకు అంత భారం కాదు. ఆ సంగతి మన డిమాండ్లలో చేర్చమని కమిటీని అడుగుతున్నాను.

ఇంకోటి. లోడు దించగానే బండిని కాలువలో దించి కడుగుతాం. హబ్బు వేడిగా ఉన్నప్పుడు చల్లనీళ్లు తగిలితే లోపలి గాలి ముడుచుకుని, పాత సీలు సందులోంచి నీళ్లు పీల్చుకుంటుంది. గ్రీజు పాలలాగా తెల్లబడితే నీళ్లు చేరినట్టే. హబ్బు చల్లారాకే కడగండి.

బిగింపు కూడా చూసుకోండి. టేపర్ బేరింగు నట్టును బలంగా బిగించి వదిలేస్తే కాలిపోతుంది. చక్రం తిప్పుతూ బిగించి, కంపెనీ చెప్పినంత వెనక్కి వదిలి, కొత్త పిన్ను వేయించాలి. యాభై కిలోమీటర్లు తిరిగాక హబ్బు మీద చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి ఆనలేనంత వేడిగా ఉంటే మళ్లీ విప్పించాల్సిందే.

కోతలు మొదలవక ముందే ఒకరోజు ఇక్కడ జాకీ పెట్టి అందరి బండ్లూ చూద్దాం. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే లూజు తెలిసిపోతుంది. మార్చాల్సినవాళ్ల నంబర్లన్నీ రాసుకుని, ఒకేసారి డీలరు దగ్గర బిల్లుతో తెద్దాం. పేర్లు ఈరోజే రాయించండి. మొదటి పేరు మా వాడి బండిది రాసుకోండి.