ఉక్కు మహాకాయుడి బరువు



1980లలో దూరదర్శన్ చూస్తూ పెరిగినవాళ్లకు జెయింట్ రోబో పేరు చెబితే చాలు, ముఖం వెలిగిపోతుంది. గడియారం లాంటి యంత్రాన్ని చేతికి కట్టుకుని ఆజ్ఞలిచ్చే జానీ సోకో అనే కుర్రాడు, వాడి గొంతు వినగానే ఎగిరొచ్చి వాలే ఉక్కు మహాకాయుడు, అంతరిక్షం నుంచి వచ్చి సముద్రం అడుగున మకాం వేసిన గిలటిన్ చక్రవర్తి, అతను నగరాల మీదికి ఉసిగొల్పే భూతాలు. ఒక వారం కొండంత బంతి, ఇంకో వారం భారీ చెయ్యి, మరో వారం ఒంటి కన్ను. జపాన్‌లో తోయే సంస్థ తీసిన ఈ 26 భాగాల సీరియల్ అక్కడ 1967 అక్టోబరు నుంచి 1968 ఏప్రిల్ దాకా ప్రసారమైంది. చాలా ఏళ్ల తర్వాత మన ఇళ్లకు చేరింది.

దీన్ని పిల్లల కాలక్షేపమని పక్కన పెట్టేసినవాళ్లే ఎక్కువ. కానీ దీని వెనక ఒక కళ ఉంది. ఆ కళకు గురువులున్నారు, శిష్యులున్నారు, తరాలుగా చేతులు మారిన విద్య ఉంది. జపాన్‌లో దాన్ని తొకుసత్సు అంటారు. మన సినిమావాళ్లు ట్రిక్ ఫొటోగ్రఫీ అనేవారు. ఆ కళను ఎలా చూడాలో, చూసేటప్పుడు దృష్టి ఎక్కడ నిలపాలో ఈ పూట చెప్పుకుందాం. నా మట్టుకు నాకు దాని ప్రాణమంతా ఒక్క విషయంలోనే ఉంది. అది బరువు. లేని బరువును కంటికి నమ్మించాలి, నమ్మించిన బరువును మనసు మీద మోపాలి. ఈ రెండూ జరిగినప్పుడే ఉక్కు బొమ్మ వీరుడవుతుంది.

ముందు కంటి సంగతి చూద్దాం. కథలో జెయింట్ రోబో ఎత్తు 30 మీటర్లు, బరువు 500 టన్నులు. స్టూడియోలో మాత్రం అది ఒక నటుడు తొడుక్కున్న వేషం. ఆ వేషం పక్కన నిలబెట్టే మేడలూ వంతెనలూ కరెంటు స్తంభాలూ అదే లెక్కలో కుదించి కట్టాలి. ఈ పద్ధతికి దారి వేసినవాడు ఎయిజీ త్సుబురాయా. 1901లో జపాన్‌లోని సుకగవా అనే ఊళ్లో పుట్టాడు. 1933లో అమెరికాలో వచ్చిన కింగ్ కాంగ్ సినిమా ఆయన్ని కట్టిపడేసింది. ఆ సినిమాలో బొమ్మను కొద్దికొద్దిగా కదిలిస్తూ ఒక్కొక్క ఫ్రేమే తీశారు. 1954లో గాడ్జిల్లా తీసే అవకాశం వచ్చినప్పుడు త్సుబురాయాకు అంత వ్యవధి లేదు. అందుకని మనిషికి రాకాసి వేషం తొడిగి, టోక్యో నగరాన్ని ఇరవై అయిదో వంతుకు కుదించి కట్టించాడు. లోపల నటించిన హరువో నకజిమా మోసిన మొదటి వేషం దాదాపు 100 కిలోలు ఉండేది. దీపాల వేడిలో, ఊపిరాడని రబ్బరు లోపల ఆయన నడిచిన నడకే తర్వాత వచ్చిన మహాకాయులందరికీ ఒరవడి అయింది.

అయితే మనిషి ఎంత బరువు మోసినా మనిషిలాగే కదులుతాడు. అతను 50 మీటర్ల ప్రాణి అని ప్రేక్షకుడు ఎలా నమ్ముతాడు? జవాబు కెమెరా వేగంలో ఉంది. ఉడుత చిటుక్కున కదులుతుంది, ఏనుగు తీరిగ్గా అడుగు వేస్తుంది. శరీరం పెరిగేకొద్దీ కదలిక నెమ్మదిస్తుందని మన కంటికి అనుభవం మీద తెలుసు. లెక్కలోకి దిగితే ఇంకా స్పష్టంగా ఉంటుంది. 25 మీటర్ల మేడ పైనుంచి ఇటుక జారితే నేలను తాకడానికి రెండు సెకన్లకు పైగా పడుతుంది. ఒక మీటరు ఎత్తున్న బొమ్మ మేడ మీదనుంచి జారితే అర సెకను కూడా పట్టదు. తేడా సరిగ్గా అయిదు రెట్లు, అంటే 25కు వర్గమూలం. కాబట్టి ఇరవై అయిదో వంతు నగరం అసలు నగరంలా కూలాలంటే సెకనుకు 24 ఫ్రేముల బదులు 120 ఫ్రేములు తీసి, మామూలు వేగంతో చూపించాలి. ఆచరణలో ఈ వేగాన్ని సన్నివేశాన్ని బట్టి మార్చుకునేవారు. సూత్రం మాత్రం ఇదే. స్లో మోషన్ ఇక్కడ సోకు కోసం పెట్టింది కాదు, 500 టన్నుల బరువు అందులోంచే పుడుతుంది.

కుదించిన నగరాలు మనకు కొత్తేమీ కావు. 1957లో కె.వి.రెడ్డి తీసిన మాయాబజార్‌లో ద్వారక గుర్తుంది కదా. కళాదర్శకులు గోఖలే, కళాధర్ వాహినీ స్టూడియోలో 50 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు చోటులో దాదాపు 300 చిన్న చిన్న ఇళ్లు పేర్చి, విద్యుద్దీపాలు వెలిగించారు. మార్కస్ బార్‌ట్లీ కెమెరా దాన్ని మహానగరం చేసింది. ఇంచుమించు ఒకే కాలంలో మద్రాసులోనూ టోక్యోలోనూ కళాకారులు ఒకే విద్యను సాధన చేస్తున్నారు. మనవాళ్లు వైభవాన్ని చూపడానికి ఊరు కట్టారు. వాళ్లు కూల్చడానికి కట్టారు. కూలే మేడ కట్టడం మరీ కష్టం. సున్నపు పొడిలా చిట్లే పదార్థంతో పోత పోసి, ఎక్కడ పగలాలో అక్కడ ముందే గాట్లు పెట్టాలి. నెలల తరబడి కట్టినది ఒక్క టేకులో పోతుంది. గురి తప్పితే మళ్లీ మొదటినుంచి కట్టుకోవాలి.

అందుకే నా మొదటి మనవి. ఇలాంటి చిత్రం చూస్తున్నప్పుడు కాసేపు రోబోను వదిలేసి నగరాన్ని చూడండి. డాబాల మీద ఆరేసిన బట్టలు, దుకాణాల బోర్డులు, కిటికీల వెనక దీపాలు. అవి ఎంత శ్రద్ధగా ఉంటే రోబో అంత పెద్దదవుతుంది. కెమెరా ఎక్కడ ఉందో గమనించండి. ఇరవై అయిదో వంతు లోకంలో నిలబడిన మనిషి కన్ను నేలకు ఆరేడు సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. మంచి కెమెరామన్ అక్కడికి దిగుతాడు, వైర్ల సందులోంచి, ఇంటి చూరు పక్కనుంచి పైకి చూస్తాడు. కెమెరా పైకి లేచి కిందికి చూసిందా, నగరం మళ్లీ బొమ్మల కొలువైపోతుంది. నీళ్లనూ చూడండి. ఇంటిని కుదించవచ్చు, చెట్టును కుదించవచ్చు, నీటి బొట్టును కుదించడం ఎవరి తరమూ కాదు. ఓడరేవులో పోరాటమప్పుడు బొట్లు లావుగా కనబడితే గుట్టు బయటపడినట్టే. గొప్ప పనివాళ్లు వెలుగుతో, కోణంతో, వేగంతో ఆ బొట్లను తుంపరగా భ్రమింపజేస్తారు.

ఇక రోబో వేషం వేసిన నటుడి సంగతి. మన పెద్దలు అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగుగా చెప్పారు. రాకాసి వేషానికి కనీసం గర్జన ఉంది, ఊగే తోక ఉంది. జెయింట్ రోబోకు మాటలు లేవు. ఈజిప్టు స్ఫింక్స్‌ను పోలిన ముఖంలో ఏ కండరమూ కదలదు. కన్ను చెమర్చదు. అంతా ఆహార్యమే. ఆంగికంలో కూడా మిగిలింది కాస్తే. పైగా రబ్బరు ముడత పడకూడదు, పడితే ఉక్కు కాస్తా గుడ్డయిపోతుంది. ఇన్ని కట్టుబాట్ల మధ్య ఆ నటుడు ఏం చేస్తాడో చూడండి. మెడ తిప్పకుండా నడుము దగ్గర్నుంచి మొత్తంగా తిరుగుతాడు. పిడికిలి ఎత్తే ముందు ఒక్క క్షణం ఆగుతాడు. ఆ ఆగడంలో యంత్రం ఆలోచిస్తున్నట్టు అనిపిస్తుంది. ముఖం ఏమీ చెప్పదు కాబట్టి మన మనసే దానికి భావం పూస్తుంది.

రేడియోలో మాట్లాడుతూ శబ్దాన్ని వదిలేయలేను. గాడ్జిల్లా అరుపును సంగీత దర్శకుడు అకిరా ఇఫుకుబే ఏ జంతువు గొంతునుంచీ తీసుకోలేదు. డబుల్ బేస్ అనే భారీ తంత్రీ వాద్యం తీగల మీద తోలు తొడుగుతో రుద్దించి, వచ్చిన మూలుగును మార్చి వాడారు. చెవికి తెలిసిన ప్రాణి ఏదీ అలా అరవదు, అందుకే భయం. మహాకాయుడి అడుగు చప్పుడు కూడా అలాంటిదే. తెర మీద పాదం ఆనేది బల్ల మీద. ఆ పాదం కింద భూమి ఉందని చెప్పేది శబ్దమే. ఒకసారి కళ్లు మూసుకుని వినండి, ఇంకోసారి శబ్దం తీసేసి చూడండి. ఏది ఎంత మోస్తోందో ఇట్టే తెలుస్తుంది.

ఇప్పుడు మనసు మీద పడే బరువు గురించి. జెయింట్ రోబోను సృష్టించిన చిత్రకథా రచయిత మిత్సుతెరు యొకోయమా 1934లో కోబె నగరంలో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బీ-29 విమానాలు ఆ నగరాన్ని తగలబెట్టినప్పుడు ఆయన పసివాడు. ఆకాశంలోంచి వచ్చిన ఆ ఇనుప ఆకారాల విధ్వంస శక్తి ఆయన మనసులో ముద్ర వేసింది. 1956లో ఆయన మొదలుపెట్టిన తెత్సుజిన్ 28 అనే చిత్రకథలో రోబో పుట్టింది యుద్ధం కోసమే. ఓడిపోతున్న సైన్యం రహస్యంగా తయారు చేయించిన ఆయుధం అది. యుద్ధం ముగిశాక ఒక బాలుడి చేతికి వచ్చి నగరానికి కాపలా కాస్తుంది. అయితే ఆ రోబోకు మంచీ చెడూ తెలియదు. రిమోట్ దొంగ చేతికి చిక్కితే దొంగ మాటే వింటుంది. పదకొండేళ్ల తర్వాత వచ్చిన జెయింట్ రోబోలోనూ అదే బీజం. గ్రహాంతర శత్రువుల ముఠా ఒక శాస్త్రవేత్తను బంధించి కట్టించుకున్న ఆయుధం అది. దానిలో మొదట నమోదైన గొంతు జానీది కాబట్టి మనవైపు నిలిచింది.

ఇది చాలా పెద్ద ఆలోచన. నగరాన్ని కాల్చిన ఇనుమే నగరాన్ని కాపాడాలి, కాపాడుతుందా లేదా అన్నది దాన్ని నడిపే మనిషి గుణాన్ని బట్టి ఉంటుంది. పెద్దవాళ్లు చేసిన యుద్ధం చూసిన తరం ఆ పగ్గాలను పిల్లవాడి చేతిలో పెట్టింది. ఆ ఎంపికలో ఎంత ఆశ ఉందో, పెద్దల మీద ఎంత అభియోగం ఉందో తలచుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది.

సీరియల్ చివరి భాగం ఈ ఆలోచనను కొసకంటా తీసుకెళ్తుంది. గిలటిన్ చక్రవర్తి మహాకాయుడిగా పెరిగి ఎదుట నిలుస్తాడు. అతని ఒళ్లంతా అణుశక్తి. కొడితే పేలుతుంది, పేలితే భూమే ఉండదు. మనుషులకు లొంగిపోవడం తప్ప దారి లేదు. అప్పుడు శక్తి హరించిపోయిన రోబో ఎవరూ ఆజ్ఞ ఇవ్వకుండానే లేస్తుంది. శత్రువును ఎత్తి పట్టుకుని అంతరిక్షంలోకి ఎగిరిపోతుంది. వెనక్కి రమ్మని జానీ ఎంత పిలిచినా వినదు. ఉల్కను ఢీకొని శత్రువుతో పాటు తానూ నశిస్తుంది. చెప్పిన మాట వినే యంత్రం ఇక్కడ మాట దాటింది. అద్భుతంగా మొదలై వీరంగా సాగిన కథ కరుణ రసంలో ముగుస్తుంది. కదలని ఆ ముఖం మీద మనం ఇన్ని వారాలుగా పూసిన భావమంతా ఒక్కసారిగా మనకే తిరిగి వస్తుంది.

ఈ కళ ఇప్పుడు కంప్యూటర్ చేతికి వెళ్లింది. 2013లో గియెర్మో దెల్ తోరో తీసిన పసిఫిక్ రిమ్ చూడండి. ఆ సినిమాను ఆయన ఇద్దరు గురువులకు అంకితమిచ్చాడు, వారిలో ఒకరు గాడ్జిల్లా దర్శకుడు ఇషిరో హోండా. హాంకాంగ్ రేవులో రాత్రి పూట, వానలో, రోబో అడుగు తీసి అడుగు వేసే తీరులో త్సుబురాయా లెక్క బతికే ఉంది. అదే సమయంలో చాలా కొత్త చిత్రాల్లో ఉక్కు మహాకాయులు కుస్తీ పిల్లల్లా ఎగిరి గంతులేస్తున్నారు. తెర నిండా మెరుపులు, ఎక్కడా బరువు లేదు. పనిముట్టు మారినా సూత్రం మారదని ఈ రెండు రకాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. పాత విద్య మాసిపోకుండా త్సుబురాయా సొంత ఊరు సుకగవాలో 2020లో ఒక భాండాగారం తెరిచారు. అప్పటి చిత్రాల్లో వాడిన నమూనా మేడలు, వాహనాలు అక్కడ భద్రంగా ఉన్నాయి. పిల్లల బొమ్మలని పారేయకుండా కళాఖండాలుగా దాచుకున్నారు.

కాబట్టి ఈ వారం మీ పిల్లలతోనో మనవలతోనో కలిసి ఇలాంటి చిత్రం ఒకటి చూడండి. మేడ కూలడానికి ఎంతసేపు పట్టిందో లెక్కపెట్టమనండి. కెమెరా ఎంత ఎత్తులో ఉందో అడగండి. చివరగా, ఆ రోబో పగ్గాలు నీ చేతికిస్తే ఏం చేస్తావని అడగండి. యంత్రాలతోనే పెరగబోయే ఆ తరం ఆ ప్రశ్నకు ఎలాగూ జవాబు చెప్పుకోవాలి. మన ముందు కూర్చుని చెప్పడం మొదలుపెడితే మంచిది.