డాక్టరుగారి ప్రక్కన నిలబడేవాళ్ళం
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మమ్మల్ని పిలిచి, "మీరు చేసే పని ఏమిటో నాలుగు మాటల్లో చెప్పండి" అన్నారు. నాలుగు మాటల్లో చెప్పగలిగితే మా ఇంట్లోవాళ్ళకు ఎప్పుడో చెప్పి ఉండేవాళ్ళం. మా ఉద్యోగం పేరు ఇంటర్వెన్షనల్ రేడియాలజీ టెక్నాలజిస్టు. శ్రీహరికోట కాలనీలో పెరిగి, అక్కడి బడిలోనే చదువుకుని, ఆసుపత్రి పనిలో చేరి ఇన్నేళ్ళయినా, బంధువులకు మేము నేటికీ "ఎక్స్‌రే అబ్బాయి"నే. ఏ పెళ్ళికి పోయినా ఒక పెద్దాయన మోకాలు ముందుకు చాచి, "ఇక్కడ నొప్పి బేటా, ఓ ఫోటో తీసి చూడు" అంటాడు. ఆయన తప్పేమీ లేదు. మా పని బయటికి కనిపించేది గాదు. రోగి భయంలో ఉంటాడు, బంధువులు తలుపు అవతల ఉంటారు, బోర్డు మీద డాక్టరుగారి పేరు ఉంటుంది. సీసపు కోటు తొడుక్కుని ఆయన ప్రక్కన నిలబడ్డవాళ్ళు ఎవరని ఎవరూ అడగరు.

ఈ ప్రాంతంవాళ్ళకు ఒక పోలికతో చెబితే సులభంగా తెలుస్తుంది. మన శ్రీహరికోటలో రాకెట్టుకు కూడా ఎక్స్‌రే తీస్తారు. పి.ఎస్.ఎల్.వి. మొదటి దశలో దాదాపు 139 టన్నుల ఘన ఇంధనం ఉంటుంది. దాని అడ్డుకొలత 2.8 మీటర్లు. ఆ ఇంధనంలో ఎక్కడైనా ఒక బుడగ గాని, పగులు గాని ఉంటే మంట అక్కడ అదుపు తప్పుతుంది. అందుకని దాన్ని ఖండాలు ఖండాలుగా, మహా శక్తిగల కిరణాలతో లోపలి దాకా చూస్తారు. చూసేవాళ్ళు మాత్రం మందపాటి కాంక్రీటు గోడకు అవతల ఉంటారు. మా గదిలో జరిగేదీ అదే రకం పని, కోయకుండా లోపల ఏముందో చూడడం. తేడా రెండు సంగతుల్లో ఉంది. మేము లోపలికి పంపే గొట్టం రెండు మిల్లీమీటర్లు. కిరణాలు వస్తున్నంతసేపూ మేము గోడకు అవతల గాదు, రోగి మంచం ప్రక్కనే ఉంటాం.

ఈ విద్య పాతదేమీ కాదు. 1953లో స్వీడన్ దేశపు సెల్డింగర్ అనే డాక్టరు ఒక చిన్న ఉపాయం కనిపెట్టారు. రక్తనాళంలోకి సూది గుచ్చాల, సూదిలోంచి సన్నని తీగ పంపాల, సూది తీసేసి తీగ మీదుగా గొట్టం ఎక్కించాల. అంతే. నేటికీ ప్రతిరోజూ మేము చేసేది అదే. 1964 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో డాటర్ అనే డాక్టరు దగ్గరికి 82 ఏళ్ళ ముసలమ్మ వచ్చింది. పాదం కుళ్ళు పట్టింది, కాలు తీసేయాలన్నారు, ఆమె ససేమిరా ఒప్పుకోలేదు. డాటర్ గారు తీగ పంపి, దాని మీదుగా ఒకదానికంటే ఒకటి లావైన గొట్టాలు పంపి, మూసుకుపోయిన నాళం తెరిచారు. నొప్పి పోయింది. ఆమె ఆ తర్వాత రెండేళ్ళకు పైగా బ్రతికింది, తన కాళ్ళ మీదనే నడిచింది.

ఇక గదిలో మా వంతు ఏమిటో చెబుతాం. రోగి రాకముందే యంత్రం సరిచూసుకోవాల. రోగి పేరు, ఏ కాలు, ఏ ప్రక్క, క్రియాటినిన్ ఎంత అన్నవి నోటితో అడిగి, కాగితంతో పోల్చి చూసుకోవాల. రక్తనాళాలు కనిపించడానికి అయోడిన్ కలిసిన మందు ఎక్కిస్తారు. ఆ మందు ఎక్కించే సిరంజిలో గాలి బుడగ ఒక్కటి కూడా ఉండకూడదు. ఆ పూచీ మాది. మొదట మందు లేకుండా ఒక బొమ్మ, తర్వాత మందుతో ఒక బొమ్మ తీస్తాం. యంత్రం రెండోదాంట్లోంచి మొదటిదాన్ని తీసివేస్తుంది. ఎముకలు మాయమై రక్తనాళాలు మాత్రం చెట్టు కొమ్మల్లాగా తేలతాయి. ఈ మధ్యలో రోగి కదిలినా, గట్టిగా ఊపిరి పీల్చినా బొమ్మ చెడుతుంది. మళ్ళీ మందు, మళ్ళీ కిరణాలు.

ఇక్కడ మాకు భాష పనికొస్తుంది. మన ప్రాంతం తమిళనాడు సరిహద్దు. ఒకరికి "ఊపిరి బిగబట్టండి" అంటాం, ఇంకొకరికి "మూచ్చు విడాదీంగ" అంటాం, మన ఇళ్ళలోని ముసలివాళ్ళకు "సాంస్ రోకో, హిలో నక్కో" అంటాం. ఆ నాలుగు ముక్కలు సొంత భాషలో చెవిన పడగానే మనిషి భుజాలు దిగుతాయి. ఇది ఏ పుస్తకంలోనూ మాకు నేర్పలేదు.

డాక్టరుగారు బెలూన్ కొలత చెబుతారు. మేము పొట్లం చేతిలోకి తీసుకుని, కొలత పైకి చదివి, ఆయన "సరే" అన్నాకనే చింపాల. చింపినాక అది మళ్ళీ అలమారాలోకి పోదు. తప్పు పొట్లం చింపితే ఆ ఖర్చు చివరికి ఎవరి బిల్లులో పడుతుందో మీకు తెలుసు. పని ముగిశాక గొట్టం తీసిన చోట పదిహేను ఇరవై నిమిషాలు చేత్తో అదిమి పట్టుకోవాల. ఆ ఇరవై నిమిషాల్లో మేము విన్నన్ని కుటుంబ కథలు ఏ ఖాజీగారూ విని ఉండరు.

ఇప్పుడు మాకు సంతోషం కలిగించని సంగతి ఒకటి చెప్పాల. దీని కోసమే నిజానికి ఈ సభకు ఒప్పుకున్నాం. ఊరు పేరూ, ఆసుపత్రి పేరూ వద్దు.

కొన్నేళ్ళ క్రిందట ఒక ఖాలాను కొడుకు తీసుకువచ్చాడు. పదిహేనేళ్ళుగా షుగరు. కాలి బొటనవ్రేలు నల్లబడి ఉంది. అంతకు ముందు ఆర్నెల్లుగా నాలుగడుగులు వేస్తే పిక్క పట్టేయడం, నిలబడితే తగ్గడం. వయసు నొప్పి అనుకున్నారు. కాలు చల్లగా ఉంది. మోకాలి క్రింది రక్తనాళం మూసుకుపోయిందని పరీక్షలో తేలింది. గది బయట స్ట్రెచరు మీద పడుకుని మమ్మల్ని అడిగింది.

"కాలు తీసేస్తారా బేటా?"

"తీయకుండా ఉండడానికే ఖాలా ఇది."

"సూది ఎక్కడ వేస్తారు?"

"గజ్జల్లో."

ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "లోపల అందరూ మగపిల్లోళ్ళేనా?" అంది.

ఆనాడు వరుసగా కేసులున్నాయి. ఇంకో మంచం వెనకాల వచ్చేసింది. "అవును, ఏం గాదులే ఖాలా" అన్నాం. ఆ ఒక్క ముక్క అని లోపలికి పోయాం. వచ్చి చూస్తే స్ట్రెచరు ఖాళీ. ముఖం మీద కొంగు కప్పుకుని, "ఇంటికి పోదాం పదరా" అని కొడుకును లేవదీసిందట. మూడు వారాలకు మళ్ళీ తెచ్చారు. అప్పటికి చీము పైకి ప్రాకింది, జ్వరం, ఒళ్ళు తెలియడం లేదు. మోకాలి క్రింద కాలు తీసేశారు. ప్రాణం దక్కింది. ఆ కాలు పోవడంలో మా మాటకు కూడా భాగం ఉందని ఇప్పటికీ అనుకుంటాం.

ఎందుకంటే మేము చెప్పవలసింది వేరే ఉంది. శుభ్రం చేసి బట్ట కప్పేది సిస్టరమ్మ చేత చేయించవచ్చు. ఒళ్ళంతా మెడ నుంచి పాదం దాకా గుడ్డ కప్పే ఉంటుంది. అరచేయి అంత కంత తప్ప ఏమీ కనిపించదు. ఆ కంత మీద కూడా కళ్ళు ఉండవు, అందరి కళ్ళూ తెర మీద ఉంటాయి. కొన్ని పనులకు మణికట్టు నుంచి కూడా పోవచ్చు. ఇవన్నీ నిజాలే, చెప్పడానికి రెండు నిమిషాలు. ఇప్పుడు ఏ తల్లి వచ్చినా ఆమె అడగకముందే చెబుతున్నాం. ఇక్కడున్న తల్లులారా, మా లాంటివాడు ఎవరైనా తొందరలో "ఏం గాదులే" అంటే లేచి పోవద్దు. "లేడీస్ ఎవరున్నారు? పిలవండి" అని అడగండి. అది మీ హక్కు.

అలాగే మీరు మాకు దాచకూడనివి కొన్ని ఉన్నాయి. మూత్రపిండాల జబ్బు, ఇదివరకు మందు పడక ఒళ్ళు దద్దుర్లు లేవడం, షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్, రక్తం పలుచబడే బిళ్ళలు. ఆడపిల్లలను నెలసరి తేదీ అడుగుతాం. సిగ్గుపడి తప్పు చెప్పవద్దు, కడుపులో బిడ్డ ఉంటే ఆ కిరణాల సంగతి వేరు. రమజాన్ నెలలో కొందరు రోజా ఉన్నామని చెప్పకుండా బల్ల ఎక్కుతారు. ఆ అయోడిన్ మందు మూత్రపిండాల గుండా పోవాల, ఒంట్లో నీళ్ళు లేకపోతే వాటికి కష్టం. రోజా ఉండాలా మానాలా అనేది మీరూ మీ ఇమాంగారూ మాట్లాడుకోండి, మాకు మాత్రం దాచకండి.

కాళ్ళొకటే గాదు. క్షయ వచ్చిపోయిన ఊపిరితిత్తి నుంచి రక్తం వాంతి అయితే ఆ నాళాన్ని లోపలి నుంచే మూయవచ్చు. పచ్చకామెర్లలో అడ్డుపడ్డ పైత్యనాళానికి గొట్టం వేయవచ్చు. డయాలసిస్ చేయించుకునేవాళ్ళ చేతి ఫిస్టులా మూసుకుపోతే తెరవవచ్చు. పక్షవాతంలో మెదడు నాళంలో ఇరుక్కున్న గడ్డను కొందరిలో బయటికి లాగవచ్చు. ఎంపిక చేసిన రోగులలో 24 గంటల వరకూ వీలుంటుందని 2018లో వచ్చిన పరిశోధనలు చెప్పాయి. అందరికీ ఆ వీలు ఉండదు, కాబట్టి మూతి వంకర పోయిన మనిషిని నాటువైద్యం దగ్గర కూర్చోబెట్టి ఉదయం చూద్దామనుకోవద్దు. మన వైపు నుంచి నెల్లూరో, తిరుపతో, చెన్నయ్యో పోవాల. దారిలోనే గంటలు పోతాయి.

ఖర్చు సంగతి వస్తే ఒక మంచి జ్ఞాపకం. 1980 జులై 18న శ్రీహరికోట నుంచి ఎస్.ఎల్.వి.-3 ఎగిరి రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాంగారు. మన పెద్దవాళ్ళు దాన్ని గురించి ఇప్పటికీ చెబుతారు. కానీ అదే కలాంగారు 1990లలో హైదరాబాదులో హృద్రోగ నిపుణులు సోమరాజుగారితో కలిసి తక్కువ ధరకు గుండె స్టెంటు చేయించిన సంగతి మన ఇళ్ళలో అంతగా తెలియదు. కలాం-రాజు స్టెంటు అని దానికి పేరు. రాకెట్లూ క్షిపణుల కోసం నేర్చిన లోహవిద్య ఒక మనిషి గుండె నాళంలోకి పోయింది. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం గుండె స్టెంట్లకు గరిష్ఠ ధర పెట్టింది. పన్నులు గాక, మందుపూత లేనిది 7,260 రూపాయలు, మందుపూత ఉన్నది 29,600. అంతకు ముందు కట్టినవాళ్ళను అడగండి, తేడా చెబుతారు.

చివరగా, మన పిల్లల సంగతి. మాకు ఒక సంబంధం ఈ ఉద్యోగం వల్లనే తప్పిపోయింది. "కిరణాల గదిలో పనిచేస్తాడట, పిల్లలు పుట్టరట" అన్నారు. (మాకు ఇద్దరు. ఇద్దరూ ముందు వరుసలో అల్లరి చేస్తున్నారు, చూడండి.) లెక్క చెబుతాం. ప్రపంచంలో సగటు మనిషికి నేల నుంచీ ఆకాశం నుంచీ ఏటా 2.4 మిల్లీసీవర్టుల దాకా సహజంగానే తగులుతుంది. మాకు అణుశక్తి నియంత్రణ బోర్డు పెట్టిన హద్దు అయిదేళ్ళ సగటున ఏటికి 20, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. గర్భవతి అయిన ఉద్యోగినికి, కడుపులోని బిడ్డకు 1 దాటకుండా చూడాల. కోటు క్రింద, ఛాతీ మీద టి.ఎల్.డి. బ్యాడ్జి పెట్టుకుంటాం, మూడు నెలలకొకసారి దాన్ని పంపితే ఎంత తగిలిందో లెక్క వస్తుంది. కిరణాల మూలానికి రెండింతల దూరం జరిగితే నాలుగో వంతే తగులుతుంది. అందుకే మాలో అనుభవమున్నవాళ్ళు ఒక్క అడుగు వెనక్కి వేయడం మరువరు. అసలు ప్రమాదం లేదని మాత్రం చెప్పం. కళ్ళద్దాలు పెట్టుకోనివాళ్ళకు కంటిపొర రావచ్చు, కోటు బరువుకు మా అందరి నడుములూ ఫిర్యాదు చేస్తూనే ఉంటాయి, రాత్రి రెండింటికి ఫోను వస్తే పోవాల, మొదటి జీతం చెప్పుకోదగ్గది గాదు.

ఇంటర్‌లో బై.పి.సి. చదివిన పిల్లలు బి.ఎస్సీ. ఇమేజింగ్ కోర్సులో చేరవచ్చు, తిరుపతి స్విమ్స్‌లోనూ ఉంది. ఇంటర్వెన్షన్ పని తర్వాత గదిలో నిలబడి నేర్చుకోవలసిందే. 2021లో పార్లమెంటు ఈ వృత్తులవాళ్ళకు వేరే చట్టం చేసింది. కాబట్టి గుర్తింపు పొందిన చోట చేరారా లేదా అని ముందే విచారించండి. వీధిలో బోర్డు చూసి డబ్బు కట్టవద్దు. ఆడపిల్లలను పంపండి. మరొక ఖాలా "లోపల అందరూ మగపిల్లోళ్ళేనా?" అని అడిగినప్పుడు, "లేదు ఖాలా, నేనున్నా" అనేవాళ్ళు ఒకరు కావాల.

ఆ మూల బల్ల మీద ఒక సీసపు కోటు పెట్టాం. పగుళ్ళు వచ్చి ప్రక్కన పెట్టేసిన పాతది, అనుమతి తీసుకుని తెచ్చాం. పిల్లలు తొడుక్కుని చూడవచ్చు. ఆరు కిలోలుంటుంది, ఇద్దరు పట్టుకుని వేయండి. తీశాక మడత పెట్టకుండా కొయ్యకు వ్రేలాడదీయండి.