పాత కారు పూర్వోత్తరములు

ఎద్దును కొనబోవు రైతు దాని పళ్ళు చూచును, సుడులు చూచును, కాడి కట్టి నాలుగు చాళ్ళు దున్నించి చూచును. పొలము కొనబోవు గృహస్థు లింకు దస్తావేజులు చదివించి, రిజిస్ట్రారు కచేరీలో ఈసీ తీయించి, హద్దులు కొలిపించిన పిమ్మట గాని బయానా ఈయడు. ఈ జాగ్రత్త మనకు తాతల నాటినుండి వచ్చినది. కాని అదే ఇంటి కుఱ్ఱవాడు దూరదేశమున ఒక పాత స్పోర్ట్స్ కారు నిగనిగలను చూచినప్పుడు ఆ జాగ్రత్తనంతయు మరచిపోవుట కద్దు. వేగమునకై నిర్మింపబడిన ప్రతి కారునకును ఒక పూర్వచరిత్ర యుండును. ఆ చరిత్రలో పూర్తికాక మిగిలిపోయిన పనులును ఉండవచ్చును. ఆ రెంటిని తెలిసికొను విధమును గూర్చి నేడు శ్రోతలకు కొంత విన్నవింపదలచితిమి.

మా మేనల్లుడు అమెరికాలో డాలస్ నగరమున ఉద్యోగము చేయుచున్నాడు. రెండేండ్ల క్రిందట ఒకనాటి రాత్రి అతడు ఫోను చేసి, “మామయ్యా, మంచి కారు దొరికింది. పన్నెండేళ్ళది గాని కొత్తదానిలా ఉంది. రేపే డబ్బు కట్టేస్తున్నాను. వచ్చేవారం అమ్మ వస్తోందిగా, విమానాశ్రయం నుంచి దాంట్లోనే తీసుకొస్తాను” అనెను. ఛాయాచిత్రములు కూడ పంపెను. ఎఱ్ఱని కారు, రెండే తలుపులు, నేలకు అంటుకొని యున్నట్లుండెను.

“దాని పూర్వోత్తరాలు కనుక్కున్నావా నాయనా?” అని అడిగితిమి.

“ఇదేమన్నా పెళ్ళి సంబంధమా మామయ్యా?” అని నవ్వెను.

పెళ్ళి సంబంధమునకు నలుగురిని అడిగి తెలిసికొనవలెను. కారు విషయమున అంత శ్రమ లేదు. మొదట ఒక్క సంఖ్యను అడిగిన చాలును. అమెరికాలో 1981వ సంవత్సరపు నమూనాలు మొదలు ప్రతి కారునకును 17 అక్షరములు, అంకెలు కలిసిన గుర్తింపు సంఖ్య కలదు. దానిని విన్ అందురు. అద్దము వెలుపలినుండి చూచినచో డ్రైవరు వైపు డాష్‌బోర్డు మూలను అది కానవచ్చును. డ్రైవరు తలుపు తెరచిన చోట అంటించిన చీటి మీదను ఉండును. 1, 0 అంకెలతో పొరబడకుండుటకై ఐ, ఓ, క్యూ అను ఇంగ్లీషు అక్షరములను ఇందు వాడరు. మొదటి మూడును తయారీదారుని, పదవది నమూనా సంవత్సరమును తెలుపును. తొమ్మిదవది తనిఖీ అంకె. తక్కిన వానిని ఒక సూత్రము ప్రకారము లెక్కించినచో ఈ అంకె రావలెను. కావున ఎవరైన ఒక అక్షరమును మార్చినచో చాలవరకు పట్టుబడును. డాష్‌బోర్డు మీది సంఖ్యయు, తలుపు చీటి మీదిదియు, యాజమాన్య పత్రములోనిదియు ఒక్కటిగా నుండవలెను. లేనియెడల బేరమును అక్కడనే ముగించుట మేలు.

ఆ సంఖ్యను అమెరికా ప్రభుత్వపు రహదారి భద్రతా సంస్థవారి వెబ్‌సైటులో వేసి చూడుమని మా మేనల్లునితో చెప్పితిమి. దానికి రుసుము లేదు. ఒక నిమిషము గడచినది. “మామయ్యా, ఎయిర్‌బ్యాగుల రీకాల్ ఒకటి మిగిలి ఉందట. రెండు వైపులా. రిపేరు జరగలేదని వస్తోంది” అనెను. ఈసారి అతని కంఠములో నవ్వు లేదు.

రీకాల్ అనగా, అమ్మిన పిమ్మట భద్రతకు సంబంధించిన దోషము బయటపడినప్పుడు, తయారీదారు ఆ కార్లను మరల పిలిపించి బాగుచేయుట. ఈ పద్ధతికి చట్టబలము అంత సులభముగా రాలేదు. 1965లో రాల్ఫ్ నేడర్ అను న్యాయవాది అమెరికా కార్ల భద్రతపై ఒక పుస్తకము ప్రకటించెను. అందులో మొదటి అధ్యాయమే కార్వేర్ అను కారు వెనుక చక్రముల అమరికపై విమర్శ. మరుసటి ఏడు, 1966లో, వాహన భద్రతా చట్టము వచ్చెను. దోషనివారణకు యజమాని నుండి సొమ్ము తీసికొనరాదను నిబంధన 1974లో చేరెను. కావున రీకాల్ వచ్చినంత మాత్రమున కారు చెడ్డదని అనుకొనరాదు. దోషమును ఒప్పుకొని బాగుచేసిన కారు మంచిదే. భయపడవలసినది రీకాల్ వచ్చియు మరమ్మతు జరుగని కారును గూర్చి.

ఎయిర్‌బ్యాగుల విషయమున ఈ భేదము ప్రాణములతో కూడినది. టకాటా అను జపాను కంపెనీ ఎయిర్‌బ్యాగులు తటాలున ఉబ్బుటకు అమ్మోనియం నైట్రేటు బిళ్ళలను వాడెను. ఏండ్ల తరబడి వేడియు తేమయు తగిలినచో ఆ బిళ్ళలు గుల్లబారును. దుంగ నెమ్మదిగా కాలును. రంపపుపొట్టు గుప్పున అంటుకొనును. అట్లే గుల్లబారిన మందు ఒక్కసారిగా మండి, దానిని పట్టియుంచిన లోహపు డబ్బాను పగులగొట్టును. చిన్న ప్రమాదములో మనిషిని కాపాడవలసిన సంచి నుండియే లోహపు ముక్కలు ముఖము మీదికి, మెడ మీదికి వచ్చును. అమెరికాలో ఈ కారణమున ఇరువదిమందికి పైగా మరణించిరి. అక్కడ రీకాల్ చేయబడిన ఎయిర్‌బ్యాగులు సుమారు 6 కోట్ల 70 లక్షలు. టకాటా 2017 జూన్‌లో దివాలా తీసెను. ఆ జాబితాలో ఫోర్డు మస్టాంగ్, మజ్దా ఆర్ఎక్స్-8 మొదలుకొని ఫెరారీ కాలిఫోర్నియా వరకు స్పోర్ట్స్ కార్లు అనేకము కలవు. వెల హెచ్చయినంత మాత్రమున దోషము తప్పలేదు.

ఇక్కడనే చరిత్రయు రీకాలును కలియుచున్నవి. పొడి ప్రదేశమున గడపిన కారుకంటె సముద్రతీరపు ఉక్కలో ఏండ్లు గడపిన కారునకు ఈ ప్రమాదము హెచ్చు. మా మేనల్లుడు తెప్పించిన చరిత్ర నివేదికలో ఆ ఎఱ్ఱని కారు మొదటి ఏడేండ్లు హ్యూస్టన్‌లో నుండెనని తేలినది. దానికి అప్పటికి ఇద్దరు యజమానులు మారిరి. అమ్మువాడు మూడవవాడు, రీకాల్ సంగతి తనకు తెలియనే తెలియదనెను. అతడు అబద్ధమాడెనని మేము అనుకొనము. తయారీదారుల ఉత్తరము రిజిస్ట్రేషనులో నున్న యజమాని పేరున పోవును. చేతులు మారిన కారు విషయమున ఆ ఉత్తరము పాత చిరునామాలోనే నిలిచిపోవచ్చును. చట్టమైనను ఇక్కడ పూర్తి రక్షణ నీయదు. కొత్త కారును రీకాల్ మరమ్మతు చేయక అమ్మరాదని అమెరికా సమాఖ్య చట్టము నిషేధించినది. పెద్ద అద్దెకార్ల సంస్థలకు 2016 నుండి అట్టి నిర్బంధమున్నది. పాత కార్ల విషయమున సమాఖ్య చట్టములో అట్టి నిషేధము లేదు. కావున చూచుకొనవలసినవాడు కొనువాడే.

చరిత్ర నివేదికలో చూడవలసినవి మరికొన్ని కలవు. పెద్ద ప్రమాదములో పాడైన కారును బీమా కంపెనీవారు పూర్తి నష్టముగా లెక్కకట్టినప్పుడు, ఆ సంగతిని యాజమాన్య పత్రము మీద ముద్రింతురు. దానిని సాల్వేజ్ ముద్ర యందురు. 2017 ఆగస్టులో హార్వీ తుపాను హ్యూస్టన్‌ను ముంచినప్పుడు కార్లు లెక్కకు మిక్కిలిగా నీట మునిగినవి. అట్టి కారును మరొక రాష్ట్రమునకు తరలించి, ముద్ర లేని కొత్త పత్రము పుట్టించు మోసగాండ్రును ఉన్నారు. కావున ఏ తేదీన ఏ ఊరిలో నుండెనో, తిరిగిన మైళ్ళ లెక్క సంవత్సరము వెంబడి పెరుగుచున్నదో లేక నడుమ తగ్గినదో పరిశీలింపవలెను. ప్రమాదములో ఎయిర్‌బ్యాగులు విచ్చుకొన్నట్లున్నచో, వాని స్థానమున పెట్టినవి అసలైనవా అని మెకానిక్కుచే చూపింపవలెను. అగ్గువకు దొరకు నకిలీ భాగములు ప్రాణములు తీసినవని భద్రతా సంస్థవారు 2024లో హెచ్చరించిరి.

అయినను నివేదికనే నమ్మి ఊరకుండరాదు. పోలీసులకు గాని బీమావారికి గాని తెలుపని దెబ్బ ఏ నివేదికలోను ఉండదు. స్పోర్ట్స్ కారును కొందరు పందెపు బాటలపై పరుగెత్తించి, కడిగి తుడిచి అమ్ముదురు. నాలుగు టైర్లు ఒక్క తీరుగా అరిగినవా, బ్రేకు పళ్ళెముల మీద పగుళ్ళున్నవా, ఒక తలుపు రంగు రెండవదానికంటె మందముగా నున్నదా అని ఆ తరహా కార్ల పని తెలిసిన మెకానిక్కు చెప్పగలడు. పోర్షె కార్లలోని కంప్యూటరు, ఇంజను పరిమితిని మించి తిరిగిన సందర్భములను గుర్తుంచుకొనును; ఆ లెక్కను చూపుమని అడుగవచ్చును. అదే కంపెనీ 2014లో తన 911 జీటీ3 కార్లు 785టిని నడుపవద్దని యజమానులకు చెప్పెను. యూరపులో రెండు కార్లు తగులబడగా, ఇంజనులోని కనెక్టింగ్ రాడ్ల మరలు వదులగుటయే కారణమని తేలినది. అన్నిటికిని కొత్త ఇంజనులే వేసిరి. నేడు ఆ కారును కొనువాడు ఇంజను మార్చిన కాగితమును చూచి సంతోషింపవలెను గాని సందేహింపరాదు.

మన దేశమునను ఈ మార్గము ఏర్పడినది. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించి రీకాల్ నిబంధనలు చేర్చిరి. పాత కారు కొనువారు వాహన్ వెబ్‌సైటులో రిజిస్ట్రేషను వివరములు చూచి, చాసిస్ నంబరును కారు మీది నంబరుతో సరిపోల్చి, ఫైనాన్సు బాకీ తీరినదా అని తెలిసికొనవలెను. పిదప ఆ చాసిస్ నంబరుతోనే కంపెనీ సర్వీసు కేంద్రములో రీకాల్ మిగిలినదేమో అడుగవలెను. ఈ కడపటి ప్రశ్న అడుగువారు మనలో మిక్కిలి తక్కువ.

మా మేనల్లుడు ఆ రాత్రి చిన్నబోయినాడు. కాని మరునాడు అమ్మువానితో మాటలాడి, మరమ్మతు ముగిసిన కాగితము చేతికి వచ్చిన పిమ్మటనే సొమ్ము ఇచ్చెదనని చెప్పెను. భాగములు వచ్చుటకు మూడు వారములు పట్టినది. ఖర్చు లేదు. ఈలోగా మా అక్కగారు విమానము దిగి, మిత్రుని పాత కారులో ఇల్లు చేరిరి. తరువాత మెకానిక్కు కూడ చూచి బాగున్నదనగా, మావాడు ఆ ఎఱ్ఱని కారునే కొనెను.

అక్కగారు అందులో మొదటిసారి ఎక్కిన దినమున మాకు ఫోను చేసిరి. ఎయిర్‌బ్యాగుల కథ ఆమెకు మేమును చెప్పలేదు, అతడును చెప్పలేదు. “కారు బాగానే ఉందిరా తమ్ముడూ, కూర్చున్నాక లేవడానికే ఇద్దరు మనుషులు కావాలి” అనిరి. అంతకంటె పెద్ద ఫిర్యాదు వినవలసిన అవసరము రానందుకు మేము సంతోషించితిమి.